కరిసలు సీమలో గాయచికిత్స: కట్టు మొదలు శ్రవణాతీత ధ్వని వఱకు

కోవిల్‌పట్టి, విరుదునగరముల నడుమ వ్యాపించియున్న నల్లరేగడి నేలను తమిళులు కరిసల్ కాడు అందురు. మధుర నాయకరాజుల కాలమునందును, దానికి ఇటునటును, తెలుగుదేశమునుండి తరలివచ్చిన కమ్మవారు, రెడ్లు, రాజకంబళమువారు మున్నగువారు ఈ నేలను సాగులోనికి తెచ్చి ఇచ్చటనే స్థిరపడిరి. నేటికిని వీరిలో పెక్కండ్ర ఇంటిభాష తెలుగే. కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైసెవల్ గ్రామమున 1923లో జన్మించిన కి. రాజనారాయణన్ గారు ఈ వలసను తమ ‘గోపల్ల గ్రామం’ అను తమిళ నవలలో కథావస్తువు గావించిరి. వీరి పాళెముల చరిత్ర, యుద్ధముల చరిత్ర కొంత వ్రాయబడినది. కాని రెక్కల కష్టమే ఆస్తిగా బ్రతికిన ఈ ప్రజలు రెక్క విరిగిననాడు ఏమి చేసిరి? ఈ ప్రశ్న కొంత విచారింపదగినది. నేడు పట్టణములలో ‘కరెంటు వైద్యము’ అని ప్రజలు వ్యవహరించు చికిత్సయందు శ్రవణాతీత ధ్వనిని, విద్యుత్ప్రేరణను ఒక్కటిగా గూర్చి దెబ్బతగిలిన చోట ప్రయోగించుటయు కలదు. దాని పుట్టుపూర్వోత్తరములు, దాని విలువ తెలిసికొనుటయే ఈ వ్యాసోద్దేశము.

ఈ సీమలో గాయమునకు సంబంధించిన ప్రసిద్ధ వృత్తాంతము పాంచాలంకురిచ్చి యుద్ధములోనిది. తెలుగు పాళెగాడైన కట్టబొమ్మనను ఆంగ్లేయులు 1799 అక్టోబరు 16వ తేదీన కోవిల్‌పట్టికి దక్షిణముననున్న కయత్తారులో ఉరితీసిరి. అతని తమ్ముడు ఊమైదొర 1801లో మరల కోట కట్టి పోరాడెను. ఆ సంవత్సరము మే నెలలో కోట పడిపోయినప్పుడు అతడు తీవ్రముగా గాయపడి రణభూమిలో పడియుండగా, గ్రామస్త్రీలు అతనిని ఇంటికి మోసికొనిపోయిరి. వెదకవచ్చిన శత్రుపక్షమువారికి, మసూచికము సోకి మరణించిన శవమని నమ్మబలికి, గుడ్డ కప్పి రోదించిరట. భీతిల్లి వారు వెనుదిరిగిరి. ఆ యుద్ధమున పాల్గొన్న ఆంగ్ల సేనాని జేమ్సు వెల్షు 1830లో ప్రకటించిన తన స్మృతులలో ఈ సంగతిని మెచ్చుకొనుచు వ్రాసియున్నాడు. ఊమైదొర కోలుకొని మరుదు సోదరులను చేరి, ఆ యేడాది నవంబరులో ఉరికంబమెక్కువఱకు పోరాడెను. గాయచికిత్సలో తొలిమెట్టు యంత్రము కాదు, ఔషధము కాదు. పడినవానిని లేవనెత్తు చేతులని ఈ కథ తెలుపుచున్నది.

విరిగిన యెముకల విషయమున తమిళదేశమునకు తెలుగుదేశ మిచ్చిన వైద్యము పుత్తూరు కట్టు. పూర్వపు చిత్తూరు జిల్లాలోని పుత్తూరున రాజుల కుటుంబ మొకటి పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమునుండి ఎముకలు కట్టుచు వచ్చినది. పసరాకు ముద్ద, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డ, ఇవియే ఆ కట్టునకు సాధనములు. ‘పుత్తూరు కట్టు’ అనుమాట దక్షిణ తమిళనాడు గ్రామములలో సహితము ఇంటింటి మాటయై, ఆ ఊరితో సంబంధములేని వైద్యశాలలకును పేరైనది. కదలకుండ నిలిపియుంచినచో ఎముక తనంతట తానే అతుకుకొనునను సత్యము ఈ పద్ధతికి మూలము. సామాన్యమైన విరుగుళ్ళు పెక్కు ఇట్లు మానినవి.

అయినను ఇందు రెండు చిక్కులు కలవు. కట్టు మిక్కిలి బిగిసినచో రక్తప్రసారము నిలిచి కండరములు చచ్చి వ్రేళ్ళు ముడుచుకొనిపోవును. ఈ వైకల్యమును జర్మను శస్త్రవైద్యుడు వోల్క్‌మన్ 1881లో వివరించెను. కట్టినవారు నాటువైద్యులైనను, డాక్టర్లైనను ఈ ప్రమాదము సమానమే. రెండవది: ఎముక అతికిన పిమ్మట కీలు బిగిసిపోవుట, కండ క్షీణించుట. కట్టు విప్పినంతనే చికిత్స ముగిసినదని రోగి తలంచును. నిజమునకు సగమే ముగిసినది. ఆ రెండవ సగమునకై పాశ్చాత్యదేశములలో విద్యుత్తును, తరువాత ధ్వనిని రప్పించిరి.

విద్యుచ్చికిత్స మిక్కిలి పురాతనము. క్రీ. శ. మొదటి శతాబ్దిలో రోమక వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ తలనొప్పికి, కీళ్ళవాతమునకు విద్యుత్తు పుట్టించు చేపను వాడవలెనని చెప్పెను. అట్టి చేపలు మన మన్నారు సింధుశాఖలోను కలవు. 1791లో గాల్వాని కప్పకాలి కండరములపై తన పరిశోధనలను ప్రకటించెను. 1831లో ఫారడే విద్యుత్ప్రేరణ సూత్రమును కనుగొనెను. ఆ సూత్రముపై నిర్మితమైన యంత్రముతో ఫ్రెంచి వైద్యుడు దుషెన్ ఒక్కొక్క కండరమును విడివిడిగా కదలించి, 1855లో గ్రంథము వెలువరించెను. నరము చెడక, కండ మాత్రము సోమరియైనచో స్వల్పకాలపు విద్యుత్తాడనము నరముద్వారా దానిని కదలించును. నరము తెగినచో అట్టి తాడనము చాలదు. ఎక్కువసేపు నిలుచు ప్రవాహము కావలెను. 1965లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు, వెన్నుపామునందు నొప్పికి ద్వారమువంటి యేర్పాటున్నదని, ఇతర స్పర్శలు ఆ ద్వారమును మూయగలవని ప్రతిపాదించిరి. నొప్పిని తగ్గించుటకై విద్యుత్తును చర్మముపై ప్రయోగించుటకు ఈ సిద్ధాంతము బలమిచ్చినది.

ధ్వనిచికిత్స చరిత్ర వేఱు. 1880లో పారిసులో క్యూరీ సోదరులు, కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టుననియు, మరుసటి యేడు విద్యుత్తునిచ్చినచో అవి సంకోచవ్యాకోచములు పొందుననియు నిరూపించిరి. మొదటి ప్రపంచయుద్ధమున జలాంతర్గాములను కనిపెట్టుటకై లాంజెవిన్ ఈ స్ఫటికములతో నీటిలోనికి ధ్వని పంపగా, ఆ మార్గమున వచ్చిన చిన్నచేపలు చచ్చెను. చంపగల శక్తి మితముగా వాడిన మేలు చేయవచ్చునను తలంపు క్రమముగా కలిగినది. 1927లో వుడ్, లూమిస్ అనువారు జీవకణములపై దాని ప్రభావమును పరిశీలించిరి. 1930 దశకము చివర జర్మనీలో పోల్మన్ దానిని రోగులపై ప్రయోగించెను. 1949లో ఎర్లాంగెను నగరమున ఈ విషయమై వైద్యుల మహాసభ జరిగెను.

మానవుని చెవి సెకనుకు ఇరువదివేల కంపనములకు మించిన ధ్వనిని వినజాలదు. చికిత్సకు వాడు ధ్వని సెకనుకు పదిలక్షలనుండి ముప్పదిలక్షల కంపనములు కలది. పదిలక్షల ధ్వని లోతుగా పోవును. ముప్పదిలక్షలది చర్మము క్రిందనే ఇంకిపోవును. రెండింటిని కలుపు చికిత్సలో, ధ్వని నిచ్చు లోహపు తలయే విద్యుత్తునకు ఒక ధ్రువముగా పనిచేయును. రెండవ ధ్రువము పలకరూపమున శరీరమునకు అంటియుండును. నడుమ గాలి చేరినచో ధ్వని సాగదు గనుక చర్మముపై జిగురువంటి లేపనము పూసి, ఆ తలను నెమ్మదిగా త్రిప్పుచుండవలెను. ఒకేచోట నిలిపినచో లోపల కాలును. గుండెకు యంత్రము అమర్చుకొన్నవారికి, గర్భిణులకు గర్భభాగమునందు, పుండు కాన్సరని తెలిసినచోట, మధుమేహముచే స్పర్శ నశించిన పాదములపై దీనిని వాడరాదు.

ఈ చికిత్స అవసరము కరిసలు సీమలో తక్కువది కాదు. 1922లో శివకాశి నుండి అయ్య నాడారు, షణ్ముగ నాడారు కలకత్తాకు పోయి అగ్గిపెట్టెల తయారీ నేర్చి మరుసటి యేడు తమ ఊర ఆరంభించిన పరిశ్రమ, కోవిల్‌పట్టి, సాత్తూరు వఱకు ప్రాకినది. దినమంతయు వంగి కూర్చుండి పుల్లలు పేర్చి పెట్టెలు నింపు స్త్రీల మెడలు, భుజములు, మణికట్టులు అరుగుట ఒకవంక. బాణసంచా ప్రమాదములలో కాలిన చేతులు ముడుచుకొనుట మఱొకవంక. కోవిల్‌పట్టి హాకీ క్రీడకు పుట్టినిల్లువంటిది. అచ్చటి యువకుల మోకాళ్ళు, చీలమండలు బెణుకుట నిత్యకృత్యము. పెద్దవైద్యమునకు వీరు దూరము పోవలసివచ్చెడిది. మధురలో వైద్యకళాశాల 1954లో, తిరునెల్వేలిలో 1965లో, విరుదునగరమున 2022 జనవరిలో ఆరంభమైనవి.

ఇక దీని ఫల మెంత? ఇచ్చట చరిత్రకారుడు నిర్మొగమాటముగా మాటాడవలెను. రాబర్టుసన్, బేకర్ అనువారు 2001లో, అంతకు పూర్వపు ఇరువదియైదేండ్లలో ధ్వనిచికిత్సపై ఆంగ్లమున వెలువడిన 35 పరీక్షలను విమర్శింపగా, విధానమున ఆమోదయోగ్యములైనవి 10 మాత్రమే. వానిలో ఉత్తుత్తి యంత్రముకన్న నిజయంత్రము మేలని తేల్చినవి రెండు. విరిగిన కాలియెముక త్వరగా అతుకుటకై స్వల్పతీవ్రత గల ధ్వనిని 501 మందిపై పరీక్షించి 2016లో ప్రకటించిన ఫలితము కూడ ప్రయోజనము లేదనియే. ధ్వనివిద్యుత్తులను కలిపిన పద్ధతి కండరపు నొప్పిని, నిద్రలేమిని తగ్గించినదని బ్రెజిలునుండి 2003లో ఒక పరిశోధన వెలువడినది. కాని అందలి రోగులు 17 మందియే. కావున దీనిని నొప్పికి తాత్కాలికోపశమనముగా, వ్యాయామమునకు తోడుగా గ్రహింపవచ్చును గాని, గాయమును మాన్పు శక్తిగా ఎంచరాదు. దినకూలి విడిచి, రుసుము చెల్లించి పది దినములు యంత్రము క్రింద పరుండి, కీలు కదలించుట మాత్రము నేర్వక ఇంటికి మరలు కార్మికుని నష్టము చిన్నది కాదు.

ఇందుకు నిదర్శనము మన సీమలోనే కలదు. ఎట్టయపురము ప్రాంతమున, వడమలాపురమున, తెలుగు రైతుకుటుంబములో 1918లో జన్మించిన డాక్టరు గోవిందప్ప వెంకటస్వామి గారు 1944లో మదరాసున వైద్యపట్టము పొంది సైనికవైద్యులైరి. తీవ్రమైన కీళ్ళవాతము వారిని మంచము పట్టించి, వ్రేళ్ళను శాశ్వతముగా వంకరలు చేసెను. 1948లో సైన్యమునుండి విరమింపవలసివచ్చెను. ఆ వ్రేళ్ళనే వారు పట్టుదలతో అభ్యాసము చేయించి, కత్తి పట్టించి, కంటి శస్త్రచికిత్సకు అలవరచిరి. 1976లో మధురలో 11 పడకలతో అరవింద నేత్రవైద్యశాలను స్థాపించిరి. 2006లో గతించులోపల వారు స్వహస్తములతో చేసిన శస్త్రచికిత్సలు లక్షకు పైబడినవి. వంకరలు తీరలేదు; పని మాత్రము తీరినది.

ఊమైదొరను మోసిన స్త్రీలు, పుత్తూరు వెదురుబద్ద, దుషెన్ విద్యుత్తు, లాంజెవిన్ స్ఫటికము, ఇవి యన్నియు ఒకే దారిలోని మజిలీలు. ఎత్తుట, నిలుపుట, కదలించుట అను మూడు పనులలో యంత్రము మూడవదానికి సాయపడవచ్చును. ఆ పనిని పూర్తిచేయవలసినది మాత్రము రోగి అభ్యాసము, చికిత్సకుని ఓర్పు, ఇంటివారి ఆదరము. మన సంఘములు గ్రామములలో వైద్యశిబిరములు నడపునప్పుడు యంత్రమును చూపుటతో తృప్తిపడక, కట్టు విప్పిన మరునాటినుండి చేయదగిన వ్యాయామములను తెలుగునను తమిళమునను నేర్పించినచో, ఈ చరిత్ర మనకు నేర్పిన పాఠము సార్థకమగును.