జావాలో రిఫ్లెక్షన్, మెథడ్ రిఫరెన్సులు

జావా భాషలో ఒక మెథడ్‌ను అక్కడికక్కడ పిలవకుండా, ముందు దాన్ని ఒక విలువగా చేతికి తీసుకుని తర్వాత నడిపించడానికి రెండు ప్రధాన దారులున్నాయి. మొదటిది రిఫ్లెక్షన్. ప్రోగ్రాం నడుస్తుండగానే ఒక క్లాస్‌లో ఏ ఫీల్డులు, ఏ మెథడ్లు, ఏ కన్‌స్ట్రక్టర్లు ఉన్నాయో అడిగి తెలుసుకుని, పేరు చెప్పి వాటిని వాడుకునే ఏర్పాటు ఇది. 1997లో జేడీకే 1.1తో వచ్చింది. రెండోది మెథడ్ రిఫరెన్స్. క్లాస్ పేరుకూ మెథడ్ పేరుకూ మధ్య :: గుర్తు పెట్టి రాసే ఈ పద్ధతి 2014లో జావా 8తో వచ్చింది. ఈ రెండింటి చరిత్రా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఫలానా మెథడ్ అసలు ఉందా, ఉంటే దాన్ని పిలిచే హక్కు పిలిచేవారికి ఉందా అన్నది ఎప్పుడు తేల్చాలి? కోడ్ రాసేటప్పుడా, నడిచేటప్పుడా? నడిచేటప్పుడైతే ఒక్కసారా, ప్రతిసారీనా?

తేడా ఎక్కడుందో ఒక చిన్న ఉదాహరణలో చూడవచ్చు. ‘బిల్లు’ అనే క్లాస్‌లో ‘మొత్తం’ అనే మెథడ్ ఉందనుకుందాం (జావా మొదటినుంచీ యూనికోడ్ భాష కాబట్టి ఈ పేర్లు తెలుగు లిపిలోనే పెట్టుకోవచ్చు). రిఫ్లెక్షన్ దారిలో ఆ పేరును కొటేషన్ల మధ్య మామూలు స్ట్రింగ్‌గా రాసి ‘గెట్‌మెథడ్’కు ఇస్తారు. అది ఒక మెథడ్ ఆబ్జెక్టును ఇస్తుంది, దాని మీద ‘ఇన్వోక్’ పిలుస్తారు. స్ట్రింగ్‌లో ఒక్క అక్షరం తప్పినా కంపైలర్ ఏమీ అనదు. ప్రోగ్రాం ఆ లైను దాకా వచ్చాకే ‘నో సచ్ మెథడ్’ ఎక్సెప్షన్ పడుతుంది. పంపే విలువలన్నీ ఒక ఆబ్జెక్ట్ అర్రేలోకి వెళ్లాలి, అంకెలుంటే ఇంటిజర్ ఆబ్జెక్టులుగా మారాలి. లోపలి మెథడ్‌లో ఏదైనా పొరపాటు జరిగితే అది నేరుగా బయటికి రాదు, ‘ఇన్వొకేషన్ టార్గెట్’ అనే మరో ఎక్సెప్షన్‌లో చుట్టుకుని వస్తుంది. అదే బిల్లు::మొత్తం అని రాస్తే ఈ గొడవేదీ లేదు. పేరు తప్పైతే కంపైలే కాదు. అయితే ఆ పేరు రాసేవారికి ముందే తెలిసి ఉండాలి. కాన్ఫిగరేషన్ ఫైలు చదివి, అందులో కనిపించిన క్లాస్‌ను లోడ్ చేసి నడపడం మెథడ్ రిఫరెన్సు వల్ల అయ్యే పని కాదు.

జావాకు ముందు

తన గురించి తానే తెలుసుకోగల ప్రోగ్రాం అన్న ఆలోచన జావాది కాదు. 1970లలో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో అలన్ కే, డాన్ ఇంగల్స్, అడెల్ గోల్డ్‌బర్గ్ బృందం రూపొందించిన స్మాల్‌టాక్‌లో క్లాసులు కూడా ఆబ్జెక్టులే. ‘పర్ఫామ్’ అనే సందేశానికి మెథడ్ పేరు జోడించి పంపితే ఆ మెథడ్ నడిచేది. ఈ ఆలోచనకు సిద్ధాంత రూపం ఇచ్చినవాడు బ్రయన్ కాంట్‌వెల్ స్మిత్. 1982లో ఎంఐటీలో సమర్పించిన పరిశోధన గ్రంథంలో, త్రీ-లిస్ప్ అనే భాష ఆధారంగా, ప్రోగ్రాం తన అమలు స్థితిని తానే పరిశీలించి మార్చుకోగలగడాన్ని అతడు వివరించాడు. 1987లో పాటీ మేస్ దాన్ని ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ భాషలకు అన్వయించింది. సీ++ మాత్రం ఈ దారిలో చాలా పొదుపుగా నడిచింది. రన్‌టైంలో టైపు ఏమిటో చెప్పే కొద్దిపాటి సమాచారంతో సరిపెట్టుకుంది.

జేడీకే 1.1

1996 జనవరిలో వెలువడిన జావా 1.0లో రిఫ్లెక్షన్ బీజం మాత్రమే ఉంది. పేరు చెబితే క్లాస్‌ను తెచ్చే ‘క్లాస్.ఫర్‌నేమ్’, దాని నుంచి ఆబ్జెక్ట్ చేసే ‘న్యూఇన్‌స్టెన్స్’ అప్పటికే ఉన్నాయి, కానీ లోపల ఏ మెథడ్లున్నాయో అడిగే వీలు లేదు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన 1.1 ఆ లోటు తీర్చింది. అప్పుడే వచ్చిన జావాబీన్స్‌కు ఇది అత్యవసరం. స్క్రీన్ మీద బటన్లు, పెట్టెలు పేర్చి ప్రోగ్రాం తయారుచేసే పనిముట్లకు, ఎవరో రాసిన కాంపోనెంట్‌లో ఏ ప్రాపర్టీలున్నాయో తెలియాలి. ‘గెట్’, ‘సెట్’ అని మొదలయ్యే మెథడ్లను రిఫ్లెక్షన్ ద్వారా వెతికి ఆ పని చేసేవి. 1998 చివర్లో వచ్చిన 1.2లో ‘సెట్‌యాక్సెసిబుల్’ చేరింది. దాంతో ప్రైవేట్ అని రాసిన ఫీల్డులూ అందుబాటులోకి వచ్చాయి. రాబోయే ఇరవై ఏళ్ల సౌకర్యానికీ చిక్కులకూ కూడా మూలం ఆ ఒక్క మెథడే.

మన వాళ్లలో ఒక తరం జావా నేర్చినవారికి రిఫ్లెక్షన్‌తో తొలి పరిచయం జేడీబీసీ పాఠంలోనే జరిగింది, అది రిఫ్లెక్షన్ అని తెలియకుండానే. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో నోట్సు రాసుకున్నవారికి ఆ క్రమం కంఠతా వచ్చు: డేటాబేస్‌కు కనెక్ట్ కావడానికి ముందు ‘క్లాస్.ఫర్‌నేమ్’ అని రాసి, కొటేషన్లలో డ్రైవర్ క్లాస్ పూర్తి పేరు రాయాలి. తిరిగి వచ్చిన విలువను ఎవరూ దేనికీ వాడరు. ఆ లైను అసలు పని పక్కవాటుగా జరిగేది. క్లాస్ లోడ్ కాగానే దాని స్టాటిక్ బ్లాక్ నడుస్తుంది, ఆ బ్లాక్ డ్రైవర్‌మేనేజర్ దగ్గర తన పేరు నమోదు చేసుకుంటుంది. 2006 డిసెంబరులో జావా 6తో పాటు వచ్చిన జేడీబీసీ 4.0 డ్రైవర్లను జార్ ఫైల్లోని జాబితా నుంచి తానే వెతుక్కోవడం మొదలుపెట్టింది. లైను అవసరం పోయినా పాఠాల్లో చాలాకాలం మిగిలింది.

డెలిగేట్ల తగాదా

మెథడ్ రిఫరెన్స్ కథ కూడా ఆ తొలి ఏళ్లలోనే మొదలైంది, తిరస్కారంతో. బోర్లాండ్ వారి డెల్ఫీలో 1995 నుంచే ఒక ఆబ్జెక్టునూ దాని మెథడ్‌నూ కలిపి ఒక్క విలువగా పట్టుకునే సదుపాయం ఉండేది. బటన్ నొక్కితే ఏ మెథడ్ నడవాలో చెప్పడానికి అంతకంటే సులువు లేదు. డెల్ఫీ రూపశిల్పి ఆండర్స్ హెయిల్స్‌బర్గ్ 1996లో మైక్రోసాఫ్ట్‌లో చేరాడు. 1998లో ఆ సంస్థ విడుదల చేసిన జావా పనిముట్టు విజువల్ జే++ 6.0లో అలాంటి సదుపాయాన్నిచ్చే ‘డెలిగేట్’ అనే కొత్త కీవర్డ్ కనిపించింది. అప్పటికే, 1997 అక్టోబరులో, జావా ఒప్పందాన్ని ఉల్లంఘించారంటూ జావా రూపకర్త సన్ మైక్రోసిస్టమ్స్ మైక్రోసాఫ్ట్ మీద దావా వేసి ఉంది.

డెలిగేట్లకు సన్ ఇచ్చిన లిఖిత సమాధానం శ్రద్ధగా చదవదగ్గది. ఈ ఆలోచనను తాము 1996లోనే పరిశీలించామని, పనిచేసే నమూనాలు కట్టి మరీ పక్కన పెట్టామని, డెల్ఫీ అనుభవం ఉన్న బోర్లాండ్‌నూ సంప్రదించామని అందులో ఉంది. ఇన్నర్ క్లాసులు ఈ పనంతా చేస్తాయని, మెథడ్‌కు ప్రత్యేకంగా కొత్త రకం టైపు తెస్తే భాష సరళత దెబ్బతింటుందని వారి వాదన. మైక్రోసాఫ్ట్ కూడా తన సమర్థనను ప్రచురించింది. 2001 జనవరిలో మైక్రోసాఫ్ట్ 2 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకోవడంతో కేసు ముగిసింది. డెలిగేట్ మాత్రం సీ షార్ప్‌లోకి వెళ్లి అక్కడ భాషకే మూలస్తంభమైంది.

ఇందులో ఎవరిది ఒప్పు? రోజువారీ రాతలో సన్ లెక్క తప్పింది. ఒక్క మెథడ్‌ను అందించడానికి అయిదారు లైన్ల అనామక క్లాస్ రాయడం జావా ప్రోగ్రామర్లకు పదహారేళ్లు తప్పలేదు. కానీ మెథడ్‌కు వేరే టైపు వద్దు, ఇంటర్‌ఫేసు చాలు అన్న మాట చివరికి నిలిచింది. జావా 8 మెథడ్ రిఫరెన్స్ కూడా ఒకే అబ్‌స్ట్రాక్ట్ మెథడ్ ఉన్న ఏదో ఒక ఇంటర్‌ఫేసు రూపంలోనే ఉంటుంది. అందుకే పాత లైబ్రరీల్లోని ‘రన్నబుల్’, ‘కంపారేటర్’ వంటివి ఏ మార్పూ లేకుండా కొత్త రాతతో కలిసిపోయాయి.

ఫ్రేమ్‌వర్కుల కాలం

ఈలోగా రిఫ్లెక్షన్ జావా ప్రపంచమంతా అల్లుకుపోయింది. 1997లో జ్యూరిక్ నుంచి అట్లాంటా వెళ్లే విమానంలో కెంట్ బెక్, ఎరిక్ గామా కలిసి రాసిన జేయూనిట్, ‘టెస్ట్’ అని మొదలయ్యే మెథడ్లను రిఫ్లెక్షన్‌తో వెతికి నడిపేది. బెక్ అంతకుముందు స్మాల్‌టాక్‌కు రాసిన ఎస్‌యూనిట్‌లో ‘పర్ఫామ్’ చేసిన పనే ఇది. ఆ నాలుగక్షరాల ఆంగ్ల పదంలో స్పెల్లింగ్ తారుమారైతే పరీక్ష నడవదు, నడవలేదని ఎవరూ చెప్పరు కూడా. 2004లో జావా 5తో అనోటేషన్లు వచ్చాక, 2006 నాటి జేయూనిట్ 4 పేరును వదిలి మెథడ్ మీది అనోటేషన్‌ను చూడడం మొదలుపెట్టింది. హైబర్నేట్, స్ప్రింగ్ అనే ఫ్రేమ్‌వర్కులు ఆ దశకంలోనే పెరిగి పెద్దవయ్యాయి. ఆబ్జెక్టులను తయారుచేసి, ఫీల్డులు నింపి, ఒకదానికొకటి తగిలించే పనంతా అవి రిఫ్లెక్షన్‌తోనే చేశాయి.

నెమ్మది అన్న అపవాదు కూడా రిఫ్లెక్షన్‌తో పాటే నడిచింది. 2002లో జావా 1.4 దానికి ఒక తెలివైన మందు వేసింది. ఒక మెథడ్‌ను రిఫ్లెక్షన్‌తో మొదటి 15 సార్లు పిలిచేదాకా నేటివ్ కోడ్ నడిచేది. ఆ పరిమితి దాటితే, ఆ మెథడ్ కోసమే జేవీఎం (జావా ప్రోగ్రాంను నడిపే యంత్రం) అప్పటికప్పుడు ఒక చిన్న క్లాస్ తయారుచేసి అప్పటినుంచి దాని ద్వారా పిలిచేది.

మెథడ్ హ్యాండిల్, ::

2006 నుంచి జావాకు క్లోజర్లు ఎలా చేర్చాలన్న చర్చ రెండుమూడేళ్లు తీవ్రంగా సాగింది. ప్రతిపాదనల్లో స్టీఫెన్ కోల్‌బోర్న్, స్టెఫాన్ షుల్ట్‌జ్ రాసిన ‘ఫస్ట్ క్లాస్ మెథడ్స్’ ఇక్కడ ముఖ్యం. క్లాస్ పేరు, # గుర్తు, మెథడ్ పేరు రాస్తే కంపైలర్ తనిఖీ చేసిన మెథడ్ విలువ రావాలని, అదే రాత నుంచి రిఫ్లెక్షన్ ఆబ్జెక్ట్ కూడా పుట్టాలని వారు కోరారు. రెండు దారులనూ భాష స్థాయిలోనే కలిపే ప్రయత్నం ఇది. నెగ్గి ఉంటే తర్వాతి చాలా అవస్థలు తప్పేవి.

కలయిక జరిగింది మరో చోట, జేవీఎం లోతుల్లో. రూబీ వంటి డైనమిక్ భాషలను జేవీఎం మీద వేగంగా నడపాలన్న అవసరంతో జాన్ రోజ్ నేతృత్వంలో సాగిన కృషి 2011 జులైలో జావా 7లో ఫలించింది. ‘ఇన్వోక్‌డైనమిక్’ అనే కొత్త బైట్‌కోడ్ ఆదేశం, ‘మెథడ్ హ్యాండిల్’ అనే కొత్త రకం విలువ వచ్చాయి. రిఫ్లెక్షన్‌లో ఇన్వోక్ చేసిన ప్రతిసారీ పిలిచేవారికి హక్కు ఉందా అన్న తనిఖీ ఉంటుంది. మెథడ్ హ్యాండిల్‌లో ‘లుకప్’ అనే ఆబ్జెక్ట్ ద్వారా మెథడ్‌ను వెతికేటప్పుడే, ఒక్కసారే, ఆ తనిఖీ అయిపోతుంది. తర్వాత ఆ హ్యాండిల్ ఎవరి చేతికి వెళ్లినా అడ్డు లేదు. దాన్ని స్టాటిక్ ఫైనల్ ఫీల్డులో ఉంచితే జిట్ కంపైలర్ నేరుగా పిలిచినంత వేగంగా నడపగలదు.

2014 మార్చిలో, బ్రయన్ గోట్జ్ నాయకత్వంలో రూపొందిన లాంబ్డాలు (పేరు లేకుండా అక్కడికక్కడే రాసే ఫంక్షన్లు), మెథడ్ రిఫరెన్సులు ఈ పునాది మీదే నిలిచాయి. కంపైలర్ ప్రతి :: కు ఒక క్లాస్ ఫైలు సృష్టించదు, ఒక ఇన్వోక్‌డైనమిక్ ఆదేశం రాసి ఊరుకుంటుంది. ఆ చోటు మొదటిసారి నడిచినప్పుడు ‘లాంబ్డా మెటాఫ్యాక్టరీ’ కావలసిన క్లాస్‌ను కట్టి ఇస్తుంది.

రాతలో నాలుగు రకాలున్నాయి: స్టాటిక్ మెథడ్, ఫలానా ఆబ్జెక్టు మెథడ్, వచ్చే ఏ ఆబ్జెక్టు మీదైనా నడిచే మెథడ్, కన్‌స్ట్రక్టర్. జాగ్రత్త కావలసింది రెండో దానితో. అందులో :: కు ఎడమ పక్కనున్న భాగం రిఫరెన్స్ తయారయ్యే క్షణంలోనే లెక్కకు వస్తుంది. అక్కడ నల్ ఉంటే ఎక్సెప్షన్ అప్పుడే పడుతుంది. అదే పని లాంబ్డాగా రాస్తే పిలిచినప్పుడు గానీ పడదు. మరో చిక్కు గుర్తింపుది. ఒక లిజనర్‌ను this::మెథడ్ అని చేర్చి, తర్వాత అదే రాతతో తీసేయబోతే అది పోదు, ఎందుకంటే రెండుసార్లూ వేర్వేరు ఆబ్జెక్టులు పుడతాయి. సీ షార్ప్ డెలిగేట్లలో ఆబ్జెక్టూ మెథడూ ఒకటే అయితే రెండూ సమానమే. ఈ ఒక్క విషయంలో 1998 నాటి రూపకల్పనే మెరుగని చెప్పాలి. ఇక మెథడ్ రిఫరెన్స్‌ను నీ పేరేమిటని అడిగే మార్గం జావాలో లేదు. కొన్ని డేటాబేస్ లైబ్రరీలు దాన్ని సీరియలైజ్ చేయించి, లోపలి ‘సీరియలైజ్డ్ లాంబ్డా’లోంచి పేరు లాగుతాయి. 2016లో 1.0 రూపం పొందిన కోట్లిన్‌లో :: తో వచ్చే విలువ తన పేరు తానే చెబుతుంది.

గోడలు

2017 సెప్టెంబరులో జావా 9 మాడ్యూళ్లు తెచ్చింది. మాడ్యూల్ తెరవని ప్యాకేజీలోకి సెట్‌యాక్సెసిబుల్ కూడా చొరబడలేదన్నది కొత్త నియమం. అయితే జేడీకే అంతర్భాగాల విషయంలో కొన్నేళ్లు హెచ్చరికలతోనే వదిలేశారు. 2021లో జావా 16, 17 ఆ వెసులుబాటును తీసేశాక ఎన్నో పాత లైబ్రరీలు ‘ఇనాక్సెసిబుల్ ఆబ్జెక్ట్’ ఎక్సెప్షన్‌తో ఆగిపోయాయి.

ఈ గోడల అవసరాన్ని 2022 మార్చి నాటి స్ప్రింగ్4షెల్ ఉదంతం మరో వైపు నుంచి చూపింది. వెబ్ ఫారంలోని ఫీల్డు పేర్లను బట్టి స్ప్రింగ్ రిఫ్లెక్షన్‌తో ఆబ్జెక్టులను నింపుతుంది. ప్రతి ఆబ్జెక్టుకూ ‘గెట్‌క్లాస్’ ఉంటుంది గనుక, ‘క్లాస్’ నుంచి ‘క్లాస్‌లోడర్’కు వెళ్లే దారిని 2010లోనే మూసేశారు. జావా 9 మాడ్యూళ్లతో పాటు క్లాస్‌కు ‘గెట్‌మాడ్యూల్’ చేరింది. దాడి చేసినవారు క్లాస్, మాడ్యూల్, క్లాస్‌లోడర్ అని చుట్టు తిరిగి టామ్‌క్యాట్ వెబ్ సర్వర్ లాగ్ సెట్టింగుల దాకా చేరి, సర్వర్‌లో తమ ఫైలు రాయించగలిగారు. భద్రత కోసం తెచ్చిన ఏర్పాటే పాత తాళానికి పక్కదారి అయింది. నిషేధించిన పేర్ల జాబితా మీద నడిచే రక్షణ ఎంత బలహీనమో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

అదే నెలలో విడుదలైన జావా 18లో రిఫ్లెక్షన్ లోపలి యంత్రాంగాన్ని తిరగరాశారు. 15 పిలుపుల లెక్క పోయింది. ‘ఇన్వోక్’ ఇప్పుడు మెథడ్ హ్యాండిల్ ద్వారానే నడుస్తుంది, జేవీఎం మొదలయ్యే తొలి క్షణాల్లో మాత్రం నేటివ్ కోడ్ ఉంటుంది. బయటి రూపం, ప్రతి పిలుపుకూ ఉండే తనిఖీ మారలేదు.

గ్రాల్‌వీఎం నేటివ్ ఇమేజ్ మొదటి ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చింది. అది ప్రోగ్రాంను ముందే మెషీన్ కోడ్‌గా మార్చేస్తుంది, ఎవరూ పిలవనట్టు కనిపించిన కోడ్‌ను వదిలేస్తుంది. స్ట్రింగ్‌లో దాగిన పేర్లలో చాలావాటిని అది పసిగట్టలేదు. అందుకని రిఫ్లెక్షన్‌తో తాకబోయే క్లాసులు, మెథడ్ల జాబితాను జేసన్ ఫైల్లో రాసి ఇవ్వాలి. 2022 నవంబరులో వచ్చిన స్ప్రింగ్ బూట్ 3.0 ఆ జాబితాను బిల్డ్ సమయంలోనే తయారుచేసి ఇస్తోంది. మామూలు మెథడ్ రిఫరెన్సులకు ఆ జాబితాలో చోటు అక్కర్లేదు.