కాయధాన్యముల నిల్వయు, వేపగింజ చరిత్రయు

పండించుట యొక విద్య; పండినదానిని మరుసటి యేరువాక వరకు చెడకుండ నిలుపుకొనుట వేఱొక విద్య. మొదటిదానిని గూర్చి గ్రంథములు పెక్కు కలవు. రెండవది మన యిండ్లలోని స్త్రీల చేతులయందే నిలిచి యున్నది.

ఆదోని, యెమ్మిగనూరు ప్రాంతము వాన తక్కువ సీమ. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రమున చేరువరకు ఇది బళ్లారి జిల్లాలోని ఆదోని తాలూకా. 1876–78 నాటి ధాత కరవున బళ్లారి, కర్నూలు జిల్లాలు మిక్కిలి నష్టపడినవి. ఇట్టి సీమలో విత్తనపు గింజ పుచ్చుట యనగా రాబోవు పంట పోవుటయే. కావుననే మన పెద్దలు జొన్నలను పాతరలలోను, కందులు, అలసందలు, పెసలు మొదలగువానిని కుండలలోను, గుమ్ములలోను జాగ్రత్తగా దాచుచుండిరి.

కాయధాన్యములకు పట్టు పురుగు జొన్నపురుగు వంటిది కాదు. అది గింజపై తెల్లని గ్రుడ్డు నంటించును. గ్రుడ్డునుండి వెడలిన పిల్ల గింజను తొలిచి, లోపలి పప్పును తిని, ఇంచుమించు నెల దినములకు రెక్కల పురుగై గుండ్రని రంధ్రము చేసికొని వెలికి వచ్చును. చేనిలోని కాయలపైననే ఈ పురుగు గ్రుడ్లు పెట్టుట కలదు. అందుచేత కడిగి యెండించిన కుండలో పోసినను పుచ్చు బయలుదేరును.

దీనికి మనవారు కనిపెట్టిన ఉపాయములు పలువిధములు. గింజలను బాగుగ నెండబెట్టి, ఎండిన వేపాకు గాని, వావిలాకు గాని, కానుగాకు గాని కలిపి పోయుదురు. కందులకు ఆముదము పట్టింతురు. కుండమూతి క్రింద గింజలపై బూడిదయో, ఇసుకయో పఱతురు. వీనిలో ఏదియు మూఢాచారము కాదు. నూనెపొర గ్రుడ్డునకు ఊపిరాడనీయదు. కిలో గింజలకు సుమారు 5 మిల్లీలీటర్ల నూనె చాలును. ఇసుకపొరను దాటి పురుగు క్రిందికి చేరజాలదు.

విత్తన సంరక్షణ మన దేశమున ప్రాచీనము. కౌటిల్యుని అర్థశాస్త్రమున సీతాధ్యక్షుని ప్రకరణమునందు, విత్తనములను రాత్రి మంచులోను పగటి వేడిమిలోను ఉంచవలెనని విధింపబడినది. వేపకు అమరకోశము నింబము, పిచుమందము, అరిష్టము, సర్వతోభద్రము అను పేర్లను చెప్పుచున్నది. అన్నివిధముల మేలైనదని యర్థమిచ్చు ఈ కడపటి పేరు సార్థకమైనది.

ఆధునికులును ఈ త్రోవనే వచ్చిరి. 1959లో సూడాను దేశమున మిడుతల దండు సమస్త వృక్షములను తినివేసి వేపచెట్లను మాత్రము విడిచిపెట్టుటను ష్ముట్టెరర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు గమనించెను. 1962లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనాలయమువారు వేపగింజ పప్పును నూరి నీట కలిపి చల్లిన పైరును మిడుతలు ముట్టవని చూపిరి. 1967లో అచ్చటి జోత్వానీ, సర్కారు అనువారు నూరుపాళ్ల కాయధాన్యమునకు ఒకటి రెండు పాళ్ల వేపపప్పు పొడి కలిపిన పుచ్చుపురుగు నెలల తరబడి చేరదని నిరూపించిరి. 1968లో ఆంగ్ల శాస్త్రజ్ఞులు బటర్‌వర్త్, మోర్గన్‌లు వేపగింజ నుండి అజాడిరాక్టిన్ అను చేదు పదార్థమును వేఱుచేసిరి. అది పురుగు తిండిని మాన్పించును, కుబుసము విడువనీయదు. ఇట్టిపొడి కలిపిన గింజలు విత్తనమునకే యోగ్యములు. తినదలచినచో బాగుగ కడుగవలెను.

నడుమ డి.డి.టి. వంటి మందులు వచ్చి, వేపాకును పాతకాలపు వస్తువుగా చేసినవి. 1989లో మన దేశమున పంటలపై డి.డి.టి. వాడుక నిలిపివేయబడినది. అంతలో వేప విదేశములలో వెలగల వస్తువయ్యెను. పైరుల బూజు తెగుళ్లకు వేపనూనెను వాడు విధానముపై 1994లో అమెరికా వ్యవసాయ శాఖకును, గ్రేస్ అను కంపెనీకిని ఐరోపా పేటెంటు లభించెను. అది క్రొత్తది కాదని, భారతదేశమున పూర్వమే వాడుకలో నున్నదని వాదించి సాక్ష్యములు చూపిన మీదట 2000లో ఆ పేటెంటు రద్దు చేయబడినది. 2005లో అప్పీలును కొట్టివేయబడినది.

ఈ వ్యాజ్యము మనకొక పాఠము. తెలిసియుండుట వేఱు, తెలిసినదానిని ఋజువు చేయగలుగుట వేఱు. గ్రంథములకు పురుగు పట్టకుండ తాళపత్రముల నడుమ వేపాకు నుంచిన జాతి మనది. ఆ వేపాకు కథను మాత్రము గ్రంథములలో తగినంతగా నుంచలేదు. ఏ యింటి అవ్వ ఏ గింజకు ఏ ఆకు వేయుచున్నదో, ఎన్ని యెండలు పెట్టుచున్నదో అడిగి వ్రాసి యుంచుటకు గ్రంథాలయముకంటె తగిన తావు లేదు. రజతోత్సవ సమయమున చదువరులు తమ యిండ్లనుండి ఒక్కొక్క పుట వ్రాసి తెచ్చిన, అది మన బీరువాలో విత్తనము వలె నిలిచి ముందుతరములకు మొలకెత్తగలదు.