జీర్ణాశయం లేని ఆకలి

బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయించుకున్నవారు రెండో వారంలో వైద్యుణ్ణి అడిగే ప్రశ్నల్లో ఒకటి దాదాపు ఎప్పుడూ ఒకే మాటల్లో వస్తుంది: "కడుపు కోసేశారు కదా, మరి ఆకలెందుకు వేస్తోంది?" అడిగేవారి గొంతులో బాధకన్నా అనుమానం ఎక్కువ. ఆపరేషన్ విఫలమయిందేమో, లేక తమ మనోనిబ్బరంలోనే ఏదో లోపముందేమో అన్న అనుమానం అది. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో సుమారు 75 నుంచి 80 శాతం తొలగిస్తారు. అరటిపండు ఆకారంలో సన్నటి గొట్టం మిగులుతుంది. బైపాస్ పద్ధతిలో ఆహారం చేరే సంచీ సుమారు 30 మిల్లీలీటర్లు మాత్రమే. తొలి వారాల్లో ఘనాహారం నిషిద్ధం. మిగిలేవి నీళ్ళు, పల్చటి చారు, ప్రొటీన్ పానీయం. ఇంత చిన్న పాత్ర నిండాక కూడా ఆకలి ఎక్కణ్ణుంచి వస్తుంది? గత నూట పాతికేళ్ళలో వైద్యశాస్త్రం ఈ ప్రశ్నకు తన జవాబును పలుమార్లు మార్చుకుంది. రోగి చేతిలోని గ్లాసుకూ ఒక చరిత్ర ఉంది. దానికి కరవుతో సంబంధం ఉంది.

ఆకలి చిరునామా విషయంలో మన భాషకు సందేహం లేదు. కడుపు మాడుతుంది, కడుపులో ఎలుకలు పరుగెడతాయి, పేగులు అరుస్తాయి. 1912లో హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ ఇంచుమించు ఇదే మాటకు ప్రయోగశాల ముద్ర వేశాడు. అతని విద్యార్థి వాష్‌బర్న్ రబ్బరు బుడగ తగిలించిన గొట్టాన్ని మింగేవాడు. జీర్ణాశయం ముడుచుకున్నప్పుడల్లా బుడగపై పడే ఒత్తిడి కాగితం మీద గీతగా నమోదయ్యేది. ఆకలి పోటు తెలిసినప్పుడు వాష్‌బర్న్ ఒక మీట నొక్కేవాడు. రెండు గుర్తులూ దాదాపు ఒకే సమయంలో పడ్డాయి. ఆకలి అంటే ఖాళీ జీర్ణాశయపు సంకోచమేనని కానన్ తేల్చాడు. చక్కటి ప్రయోగం, తరువాతి చాలాకాలం పాఠ్యపుస్తకాలన్నీ దీన్నే చెప్పాయి.

కానీ అప్పటికే ఒక చిక్కు సిద్ధంగా ఉంది. 1897లో జూరిక్‌లో కార్ల్ ష్లాటర్ అనే శస్త్రవైద్యుడు కేన్సర్ సోకిన ఒక స్త్రీకి జీర్ణాశయాన్ని పూర్తిగా తీసివేశాడు. ఆమె ఆ తరువాత ఏడాదికి పైగా జీవించింది. జీర్ణాశయం లేకుండా మనిషి బతకగలడని తేలింది. ఆకలి మాట? 1931లో మినెసోటా విశ్వవిద్యాలయ శస్త్రచికిత్సా విభాగాధిపతి ఓవెన్ వాంగెన్‌స్టీన్, తన సహచరుడితో కలిసి, జీర్ణాశయం పూర్తిగా తొలగించిన ఒక రోగికి ఆకలి యథాప్రకారం వేస్తోందని ప్రకటించాడు. ముడుచుకోవడానికి అవయవమే లేదు, ఆకలి మాత్రం ఉంది! 1951లో యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ బ్రోబెక్‌తో కలిసి పనిచేస్తున్న భారతీయ శరీరధర్మ శాస్త్రవేత్త బాలకృష్ణ ఆనంద్ ఆకలి చిరునామాను మెదడుకు మార్చాడు. ఎలుక మెదడులో హైపోథాలమస్ పక్కభాగాన్ని రెండువైపులా దెబ్బతీస్తే అది ఎదుట ఆహారమున్నా తినక చనిపోతుందని అతను చూపాడు. ఢిల్లీ ఎయిమ్స్‌లో శరీరధర్మ శాస్త్ర విభాగాన్ని తీర్చిదిద్దినవాడు ఈ ఆనందే. భారతదేశంలో వైద్యం చదివిన నా తరానికి ఆ పేరు పరిచయమే.

వాంగెన్‌స్టీన్ పనిచేసిన మినెసోటాలోనే ఆకలి చరిత్రలో మరి రెండు ఘట్టాలు జరిగాయి. యుద్ధం ముగిసే రోజుల్లో, 1944 నవంబరులో, ఆన్సెల్ కీస్ అక్కడ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. వారంతా యుద్ధంలో పాల్గొనడానికి మనస్సాక్షి అంగీకరించక, ఈ సేవకు స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారు. 24 వారాలపాటు వారికి రోజుకు సుమారు 1570 కేలరీల ఆహారమే ఇచ్చారు. శరీరబరువులో దాదాపు నాలుగో వంతు తగ్గింది. దానికన్నా భయంకరమైనది మనసులో జరిగిన మార్పు: పగలూ రాత్రీ తిండి ధ్యాసే, వంటపుస్తకాలే కాలక్షేపం, చిన్న విషయానికే చిరాకు, నిస్పృహ. ప్రయోగం ముగిసి కావలసినంత తిండి దొరికాక కూడా ఆ ఆకలి నెలల తరబడి తీరలేదు. 1950లో రెండు పెద్ద సంపుటాలుగా వెలువడిన ఆ నివేదికను, 'నోరు కట్టుకోలేరు' అని స్థూలకాయుల్ని ఈసడించేవారందరూ చదవాలని నా అభిప్రాయం. అక్కడ లొంగిపోయినవారు బలహీనమనస్కులు కారు.

1954లో అదే విశ్వవిద్యాలయం నుంచి క్రెమెన్, లిన్నర్ తదితరులు చిన్నపేగులో అధికభాగాన్ని పక్కకు తప్పించే శస్త్రచికిత్సను ప్రచురించారు. ఆకలి జోలికి పోకుండా, తిన్నది ఒంటబట్టకుండా చేయడం అందులోని ఉపాయం. దాని ఫలితంగా ఎడతెగని విరేచనాలు, మూత్రపిండాల్లో రాళ్ళు, కొందరిలో కాలేయ వైఫల్యం వచ్చాయి. తుదకు ఆ పద్ధతిని వదిలేశారు. మినెసోటాలోనే శిక్షణ పొంది అయోవాకు వెళ్ళిన ఎడ్వర్డ్ మేసన్, పుండ్ల కారణంగా జీర్ణాశయంలో అధికభాగం కోల్పోయిన రోగులు మళ్ళీ బరువు పెరగలేకపోవడం గమనించి, 1966లో జీర్ణాశయపు బైపాస్‌ను ప్రారంభించాడు. పాత్ర చిన్నదయితే తిండి తగ్గుతుందన్నదే అప్పటి తర్కం.

ఆ తర్కంలో ఒక లోటుంది. శస్త్రచికిత్స తరువాత తొలి వారాల్లో అందే ఆహారం కీస్ ఇచ్చినదానిలో సగం కూడా ఉండదు. అయినా అత్యధికులు ఆ 36 మందిలా తిండి ధ్యాసతో వేగిపోరు. ఎందుకని? 1999లో జపాన్‌లో కొజిమా, కంగావా బృందం ఎలుకల జీర్ణాశయంలో గ్రెలిన్ అనే హార్మోనును కనుగొంది. భోజనానికి ముందు రక్తంలో పెరిగి, తిన్నాక తగ్గే ఈ పదార్థం అధికంగా తయారయ్యేది జీర్ణాశయపు పైభాగంలో. స్లీవ్ పద్ధతిలో కోసేసేది ప్రధానంగా ఆ భాగాన్నే. 2002లో సియాటిల్‌కు చెందిన కమింగ్స్ బృందం, ఆహారనియమంతో బరువు తగ్గినవారిలో గ్రెలిన్ 24 శాతం పెరిగిందనీ, బైపాస్ చేయించుకున్నవారిలో మాత్రం బాగా అణగిపోయిందనీ చూపింది. పరీక్షించినవారు కొద్దిమందే, బైపాస్ విషయంలో తరువాతి అధ్యయనాలన్నీ ఏకీభవించలేదు. భోజనానంతరం పేగుల నుంచి వెలువడే జీఎల్‌పీ-1 వంటి తృప్తి హార్మోన్ల పాత్రా ఉందని ఇప్పుడు తెలుసు. కాబట్టి కానన్ పూర్తిగా పొరబడలేదు, మన నానుడులూ తప్పు కాదు. ఆకలి కేకల్లో కొన్ని కడుపువే. ఆ కేకలు వినేది మెదడు.

ఇప్పుడు రెండో వారపు ప్రశ్నకు వద్దాం. ఒక గొంతు తగ్గినా తక్కినవి మూగబోవు. ద్రవాలు చిన్న సంచీలో నిలవవు, త్వరగా జారిపోతాయి. గోడ సాగితే కలిగే నిండుదనం తెలియదు. మిగిలిన జీర్ణాశయంలో ఊరే ఆమ్లం మంట పుట్టిస్తుంది, దాన్నీ ఆకలి అనే అనుకుంటాం. దాహమూ అలాగే వేషం మార్చుకుంటుంది. పైగా సాయంత్రం నాలుగింటికి కాఫీ, పకోడీ అలవాటైన మెదడుకు ఆపరేషన్ జరగలేదు. ఘనాహారం మొదలయ్యాక చాలామందిలో ఈ వెలితి సర్దుకుంటుంది.

అప్పటిదాకా ఆ గ్లాసు దేనికి? తెలుగు మాధ్యమంలో మేం ప్రొటీన్లను 'మాంసకృత్తులు' అని చదువుకున్నాం. కండను చేసేవి అని అర్థం. పేరు మొరటుగా అనిపించినా పనిని సూటిగా చెబుతుంది. ఆ పానీయం పని ఆకలి తీర్చడం కాదు. కొవ్వు కరుగుతున్న వేళ కండ కూడా కరిగిపోకుండా కాపాడడం.

ఈ పాఠం తేలిగ్గా రాలేదు. 1943 బెంగాల్ కరవులో చిక్కిశల్యమైనవారికి, ముందే విడగొట్టి ద్రవరూపంలోకి తెచ్చిన మాంసకృత్తులను కలకత్తాలో వైద్యులు ఇచ్చి చూశారు. ఆశాజనకంగా ఉందన్న వార్త లండన్ చేరింది. 1945లో బెల్సెన్ నిర్బంధ శిబిరం విముక్తమయ్యాక, జానెట్ వాన్ అనే వైద్యురాలు ఆ ద్రావణాలతో అక్కడికి వెళ్ళింది. వాటి రుచి దుర్భరం. సూదిమందుగా ఇవ్వబోతే, శిబిరంలో సూదులంటే చావే అని ఎరిగిన రోగులు భయంతో కేకలు వేశారు. చివరికి మామూలు పాలే మేలని ఆమె బృందం తేల్చింది. ఆ శిబిరానికే వచ్చిన 'బెంగాల్ కరవు మిశ్రమం' అనే జావ అతితీపిగా ఉందని చాలామంది ముట్టలేదు.

ముప్ఫయి ఏళ్ళ తరువాత అదే ఆలోచన అమెరికా దుకాణాల్లో మరో రూపంలో ప్రత్యక్షమయింది. 1976లో రాబర్ట్ లిన్ రాసిన 'ది లాస్ట్ ఛాన్స్ డైట్' అనే పుస్తకంతో ద్రవ ప్రొటీన్ ఉపవాసం వెర్రిగా వ్యాపించింది. ఆ ద్రవం పశువుల తోళ్ళు, స్నాయువుల నుంచి తీసిన కొల్లాజెన్. అందులో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం లేదు. పొటాషియం వంటి లవణాలూ చాలవు. 1977, 78 సంవత్సరాల్లో సుమారు 60 మరణాలు ప్రభుత్వం దృష్టికి వచ్చాయి. వాటిలో 17 కేసులను 1979లో వివరంగా పరిశీలించినప్పుడు హఠాత్తుగా గుండె లయ తప్పడం బయటపడింది. అదే దశకంలో హార్వర్డ్‌లో బ్లాక్‌బర్న్, బిస్ట్రియన్ నాణ్యమైన ప్రొటీన్, లవణాలు, వైద్య పర్యవేక్షణ కలిపి కండను కాపాడే ఉపవాసపద్ధతిని రూపొందిస్తున్నారు. తేడా సీసా లోపలి సరుకులో ఉంది. చర్మానికి మంచిదని అమ్మే కొల్లాజెన్ పొడిని నేటికీ కొందరు రోగులు ఆపరేషన్ తరువాత ప్రొటీన్ లెక్కలో వేసుకుంటారు. ఆ డబ్బా చూసినప్పుడల్లా నాకు 1977 గుర్తొస్తుంది.

ఇప్పుడు గ్లాసులో ఉండేది ఎక్కువగా వే ప్రొటీన్, అంటే జున్నుగడ్డ తయారీలో మిగిలే విరుగుడు తేట నుంచి తీసినది. ఒకప్పుడు దాన్ని వాగుల్లోకి వదిలేసేవారు. సన్నటి పొరల ద్వారా వడకట్టే పద్ధతి వచ్చాక అది సరుకయింది. 'ఇదంతా ఎందుకు, పెసరకట్టు చాలదా' అని మనవాళ్ళు అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. శోధనచికిత్స తరువాత పేయ, విలేపి, యూషం, మాంసరసం వరుసగా ఇవ్వాలని చరకసంహిత చెప్పింది. చిన్న నిప్పును గడ్డి వేసి మెల్లగా రాజేసినట్టు జఠరాగ్నిని పెంచాలన్నది అక్కడి ఉపమానం. నేటి ఆసుపత్రుల్లో ఇచ్చే ఆహారపట్టిక వరుస దీనికి దగ్గరే. కారణం మాత్రం వేరు: ఇక్కడ మానవలసింది కుట్ల వరుస. ప్రాచీనులకు అన్నీ తెలుసని దీన్నిబట్టి వాదించలేం. లెక్క కూడా కుదరదు. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. అది పెసరపప్పు ద్వారానే రావాలంటే పావుకిలో పప్పు ఉడకబెట్టి ఆ 30 మిల్లీలీటర్ల సంచీలోంచి పంపాలి.

తీపి వెగటు మాత్రం బెల్సెన్ నాటిదే. వనిల్లా, చాక్లెట్ రుచులు మూడోనాటికే వికారం పుట్టిస్తున్నాయన్నవారికి నేను రుచి కలపని పొడిని ఉప్పు వేసిన పల్చటి మజ్జిగలో కలుపుకోమంటాను. పాలు పడనివారు ఐసొలేట్ రకం ఎంచుకుని, మిరియాలు తగ్గించిన చారులో కలుపుకోవచ్చు. చారు గోరువెచ్చగా ఉండాలి, మరుగుతుంటే పొడి ఉండకడుతుంది. గడగడ తాగకూడదు, ఒక్కో గుక్కగా గంటసేపు తాగాలి. అదీ నిలవక వాంతులు రెండు మూడు రోజులు సాగితే ఇంట్లో కూర్చోకుండా వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. శరీరంలో థయమిన్ నిల్వలు కొద్ది వారాలకే సరిపోతాయి. అవి అడుగంటితే చూపు చెదిరి, నడక తూలి, మెదడు దెబ్బతినవచ్చు; ఆ స్థితిలో థయమిన్ ఇవ్వకుండా ముందుగా గ్లూకోజ్ ఎక్కిస్తే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. అత్యవసర విభాగంలో అడుగుపెట్టగానే, ఎవరూ అడగకపోయినా, ఆపరేషన్ జరిగిన తేదీ, ఎన్నాళ్ళుగా ఏమీ నిలవడం లేదో చెప్పమని ఇంటివాళ్ళకు ముందే చెప్పి ఉంచుతాను.