బీబాప్ గిటార్: నల్లవాళ్ల సాధన చరిత్ర

అమెరికా నల్లవాళ్ల సంగీతం గురించి తెల్లవాళ్లు రాసిన రాతల్లో ఒక మాట పదేపదే కనిపిస్తుంది. లయ వాళ్ల రక్తంలోనే ఉందట, పాట వాళ్లకు పుట్టుకతోనే వస్తుందట. పైకి ఇది మెచ్చుకోలు. కానీ పుట్టుకతో వచ్చిందాన్ని ఎవరూ నేర్చుకోనక్కర్లేదు. నేర్చుకోనిది విద్య కాదు. విద్య కానిదానికి గురువులూ ఉండరు, చరిత్రా ఉండదు. మన దగ్గర డప్పు కొట్టేవాళ్ల గురించి వినే మాట కూడా ఇదే గదా! అగ్రవర్ణాల పిల్ల సరళీస్వరాలు వల్లిస్తే సాధన అంటారు, మాదిగ పిల్లాడు దరువులు నేర్చుకుంటే కులవృత్తి అంటారు. మా ఇళ్లల్లోంచి మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మేం ఈ తేడాను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు.

అమెరికా సంగతి మనకెందుకని అడిగేవాళ్లుంటారు. 1946లో బాబాసాహెబ్ అంబేద్కర్ నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాస్తూ, అంటరానివాళ్ల స్థితికీ అమెరికా నల్లవాళ్ల స్థితికీ ఉన్న పోలికను ఎత్తిచూపారు. ఆ పోలిక సంగీతంలో ఎట్లా పనిచేసిందో చూడటానికి బీబాప్ అనే జాజ్ పద్ధతినీ, గిటార్ మీద దాన్ని సాధన చేసినవాళ్లనూ ఇక్కడ తీసుకుంటున్నాం.

చార్లీ క్రిస్టియన్ 1916లో టెక్సాస్‌లోని బాన్‌హామ్‌లో పుట్టి ఓక్లహోమా సిటీలో పెరిగాడు. తండ్రి గుడ్డివాడు, పాటలు పాడి సంపాదించేవాడు. క్రిస్టియన్ బడిలో చేతిపనుల క్లాసులో సిగార్ పెట్టెలతో గిటార్లు చేసేవాడని రచయిత రాల్ఫ్ ఎలిసన్ రాశాడు. ఎలిసన్‌ది కూడా ఆ ఊరే. అక్కడి నల్లపిల్లల బడుల్లో సంగీత శిక్షణను జీలియా బ్రో అనే నల్లజాతి టీచరమ్మ నడిపించేది. అంటే క్రిస్టియన్ గాలిలోంచి ఊడిపడలేదు. అతని వెనక ఒక వాడ, ఒక బడి, ఒక టీచరమ్మ ఉన్నారు. 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరాక ఎలక్ట్రిక్ గిటార్‌ను తాళం వేసే స్థానం నుంచి శాక్సఫోన్‌తో సమానంగా ముందుకు తెచ్చాడు.

గుడ్‌మన్ దగ్గర పని ముగిసిన రాత్రులు అతను హార్లెంలోని మింటన్స్ ప్లేహౌస్‌కు పోయేవాడు. 1938లో దాన్ని పెట్టిన హెన్రీ మింటన్ సంగీతకారుల యూనియన్‌లో మొదటి నల్లజాతి ప్రతినిధి. కూలి లేకుండా వాయిస్తే యూనియన్ జరిమానా వేసే రోజుల్లో, అతని అండ వల్లే అక్కడ తెల్లవార్లూ కలిసి వాయించడం సాధ్యమైంది. పియానో మీద థెలోనియస్ మంక్, డ్రమ్స్ మీద కెన్నీ క్లార్క్ ఉండేవాళ్లు. కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, అక్కడ గబగబా మారిపోయేవి. సాధన లేనివాడు ఆ వేదిక మీద నిలబడలేడు. జెర్రీ న్యూమన్ అనే విద్యార్థి 1941లో అక్కడ రికార్డు చేయబట్టి క్రిస్టియన్ ఆ రాత్రుల్లో ఏం వాయించాడో ఈనాడు మనకు తెలుస్తున్నది. 1942 మార్చిలో క్షయతో క్రిస్టియన్ చనిపోయాడు. అప్పటికి 25 ఏళ్లు. అదే ఏడు ఆగస్టు నుంచి యూనియన్ రికార్డింగులు ఆపేసింది. అందుకే బీబాప్ ఎదిగిన తొలిరోజులకు సాక్ష్యం చాలా తక్కువ.

శాక్సఫోన్ వాయించిన చార్లీ పార్కర్‌ను 'సహజ మేధావి' అంటారు. అతను 1936లో కాన్సస్ సిటీలో ఒక వేదిక మీద అవమానపడ్డాడు. మరుసటేడు ఎండాకాలమంతా ఓజార్క్ కొండల దగ్గర పనిచేస్తూ లెస్టర్ యంగ్ రికార్డులు విని ఒక్కొక్క స్వరం నేర్చుకున్నాడు. కార్డుల మధ్య సంబంధాలు అతనికి చెప్పింది ఎఫర్జ్ వేర్ అనే గిటార్ వాద్యకారుడు. మూడు నాలుగేళ్లపాటు రోజుకు 11 నుంచి 15 గంటలు సాధన చేశానని పార్కరే 1954లో ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. ఈ చప్పుడు భరించలేం, మీ అమ్మను ఇల్లు ఖాళీ చేయమంటామని ఇరుగుపొరుగు బెదిరించారట.

సాధన అంటే చేసేదేమిటి? కార్డులోని స్వరాలను కలిపి కాక ఒకటి తర్వాత ఒకటి వాయిస్తే అది ఆర్పెజియో. వాటి మధ్య ఖాళీలు నింపుతూ నడిచేది స్కేలు. స్కేలులో ఏడు స్వరాలు. కానీ నాలుగు దెబ్బల తాళంలో దెబ్బకు రెండు చొప్పున ఎనిమిది స్వరాలు పడతాయి. ఏడే వాయిస్తే రెండో చుట్టులో కార్డు స్వరాలు దెబ్బ తప్పుతాయి. అందుకని ఒక స్వరం కలిపారు. స, పెద్ద ని, చిన్న ని, ద, ప, మ, గ, రి అని దిగి చూడండి. దెబ్బ మీద పడేవి స, చిన్న ని, ప, గ. సరిగ్గా కార్డు స్వరాలే. పెద్ద ని దెబ్బకూ దెబ్బకూ మధ్యన జారిపోతుంది. వినేవాళ్లకు ఎంత వేగంలోనైనా కింద కార్డు మారిన సంగతి తెలుస్తూనే ఉంటుంది. గిటార్ మీద కష్టం ఇంకొకటుంది. ఒకే స్వరం మెడ మీద నాలుగైదు చోట్ల దొరుకుతుంది. అందుకని ప్రతి చోటా ఆర్పెజియోతో ఎక్కడం, ఎనిమిది స్వరాలతో దిగడం, పన్నెండు శ్రుతుల్లోనూ మళ్లీ మళ్లీ చేయాలి. ఇది రక్తంలో ఉండేది కాదు. వేళ్లు కాయలు కాస్తే వచ్చేది.

ఇండియానాపొలిస్‌లో వెస్ మాంట్‌గొమరీ క్రిస్టియన్ రికార్డు విని, దాదాపు ఇరవై ఏళ్ల వయసులో గిటార్ కొన్నాడు. నొటేషన్ చదవడం రాదు. క్రిస్టియన్ సోలోలను విని విని స్వరం తప్పకుండా దించుకున్నాడు. పొద్దున ఫ్యాక్టరీ, రాత్రి ఒక క్లబ్బు, అర్ధరాత్రి దాటాక ఇంకొక క్లబ్బు. ఇంట్లో, పక్కింట్లో నిద్ర చెడకూడదని పుల్లతో కాక బొటనవేలితో మీటాడు. తర్వాత ప్రపంచమంతా మెచ్చుకున్న ఆ మెత్తటి నాదం కార్మికుడి ఇరుకింట్లో పుట్టింది. 45 ఏళ్లకు, 1968లో గుండెపోటుతో పోయాడు.

అదే ఊళ్లో 1927లో నల్లపిల్లలను వేరు చేయడానికి క్రిస్పస్ అటక్స్ హైస్కూలు పెట్టారు. యూనివర్సిటీలు ఉద్యోగమివ్వని నల్లజాతి పండితులు అక్కడ టీచర్లయ్యారు. ఆ బడిలో చదివిన డేవిడ్ బేకర్ తర్వాత ఇండియానా యూనివర్సిటీలో జాజ్ విభాగం నడిపించాడు. పార్కర్ తరం సోలోలను పరిశీలించి, ఆ ఎనిమిది స్వరాల నడకకు 'బీబాప్ స్కేలు' అన్న పేరును పాఠ్యపుస్తకాల్లో స్థిరపరిచాడు. డెట్రాయిట్‌లో బారీ హారిస్ తన ఇంట్లోనే, తర్వాత న్యూయార్క్‌లో, ఇదే విద్యను తనదైన సూత్రాలతో 2021లో చనిపోయేదాకా నేర్పాడు. వాయించడం ముందు, పేరు తర్వాత. ఈ వరస మరిచి స్కేలును మాత్రమే వల్లించేవాళ్లకు ఎనిమిది స్వరాలు మిగులుతాయి గానీ, అవి ఏ ఇళ్లల్లో ఎవరి వేళ్ల కింద పుట్టాయో తెలియకుండా పోతుంది.

బేకర్ చేసిన పనిలో మనకు పాఠముంది. అతను తనవాళ్ల విద్యను తనే రాసిపెట్టాడు. మన పల్లెల్లో ఏ దరువు ఎవరు ఎవరికి నేర్పారు, ఎన్నేళ్లు పట్టింది, చెయ్యి ఎక్కడ తిరగాలని చెప్పారు? ఇవి తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. 'జానపదం' అన్న గంపగుత్త మాట కింద పేరులేకుండా వాళ్లు వెళ్లిపోకముందే, పేర్లతో సహా రాసుకోవాల్సిన పని చదువుకున్న మన తరానిది.