తాలీం, తప్పాల్, మారథాన్

రాయికోడ్ నుంచి పడమటికి పోతే కర్ణాటక సరిహద్దు. అది దాటితే బీదర్, ఇంకా ముందుకు పోతే బసవకల్యాణ్. ఇప్పుడది ఒక మామూలు తాలూకా పట్నం. తొమ్మిది వందల ఏళ్ల కింద మాత్రం కల్యాణి చాళుక్యుల రాజధాని. 1130 ప్రాంతంలో అక్కడి రాజు మూడో సోమేశ్వరుడు సంస్కృతంలో 'మానసోల్లాసం' అనే పెద్ద గ్రంథం రాశాడు. వంటల నుంచి ఏనుగుల దాకా అందులో లేనిది లేదు. మల్లవినోదం అని ఒక భాగం ఉంది. మల్లులను వయసును బట్టి, ఒడ్డూపొడుగును బట్టి, బలాన్ని బట్టి తరగతులుగా విడదీసి, ఎవరికి ఏ తిండి పెట్టాలో, ఏ సాధన చేయించాలో చెప్తాడు. ఆ సాధనల పేర్లు నాకు భలే నచ్చాయి. బరువులెత్తడం భారశ్రమ. నడక, తిరుగుడు భ్రమణశ్రమ. ఈత సలిలశ్రమ. స్తంభం మీద చేసేది స్తంభశ్రమ, ఇప్పటి మల్లఖంబకు తాత లాంటిది. అన్నిటికీ చివర 'శ్రమ' ఉంది చూడండి. బలం వేరు, దమ్ము వేరు అన్న పేచీ ఆ పేర్లలో కనపడదు. ఒకే మనిషి, ఒకే రోజు, రెండూ.

ఆ పేచీ నాకు హైదరాబాద్‌లో ఎదురైంది. ఆగస్టులో హాఫ్ మారథాన్‌కి పేరిచ్చాను. అప్పటికే వారానికి మూడు రోజులు గ్రూప్ స్ట్రెంత్ క్లాస్‌కి పోతున్నాను. ఇరవై మందిమి, ఒక ట్రైనర్, చెవులు దద్దరిల్లే పాట, గోడ మీద టైమర్. లాంగ్ రన్ సంగతి చెప్తే ట్రైనర్ మొహం మాడ్చాడు. పరిగెత్తితే కండ కరిగిపోతుందన్నాడు. ఆదివారం పొద్దున నెక్లెస్ రోడ్డు మీద నాతో పరిగెత్తేవాళ్లని అడిగితే, బరువులెత్తితే కాళ్లు మొద్దుబారతాయి, మానెయ్ అన్నారు. రెండు వైపులా అంత నమ్మకంగా చెప్పేసరికి, అసలు ఈ రెండూ ఎప్పుడు విడిపోయాయి అన్న కుతూహలం పట్టుకుంది. లైబ్రరీలో కొంత, ఇంట్లో నానమ్మ దగ్గర కొంత దొరికింది.

మా వైపు కుస్తీ అంటే జాతర. రాయికోడ్‌లో భద్రకాళీ సమేత వీరభద్రస్వామి గుడి ఉంది, జాతర పెద్దగా జరుగుతుంది. ఈ ప్రాంతపు జాతరల్లో కుస్తీలకు ఒక వరస ఉంటుంది. పిల్లలు పట్టే కొబ్బరికాయ కుస్తీతో మొదలై, చీకటి పడే వేళకి వెండి కడియం కుస్తీతో ముగుస్తుంది. పైల్వాన్లు బీదర్ నుంచీ వస్తారు, నాందేడ్ నుంచీ వస్తారు. ఇందులో వింతేం లేదు. 1956లో రాష్ట్రాల పునర్విభజన దాకా జహీరాబాద్, నారాయణఖేడ్ తాలూకాలు బీదర్ జిల్లావే. గీత గీసినవాళ్లు భాషను చూసి గీశారు, ఎర్రమన్నును చూడలేదు.

ఆ ఎర్రమన్ను ఉండే చోటే తాలీం. ఉర్దూలో తాలీం అంటే చదువు. హైదరాబాద్ రాజ్యంలో మాత్రం ఒళ్లు చదివే చోటుకి కూడా అదే పేరు, తాలీంఖానా. తెలుగులో పాత మాట గరిడీ. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాస్తూ పాత కావ్యాల్లోంచి ఆటలనూ వ్యాయామాలనూ ఏరి పెట్టినప్పుడు ఈ సాము గరిడీల సంగతీ వదల్లేదు. తాలీంలో చేసేది ఏమిటి? దండాలు, బస్కీలు, వందల లెక్కన. గద తిప్పడం. మన్ను తవ్వడం, అది కూడా సాధనే. ఇప్పటి లెక్కలో చూస్తే ఇది అటు పూర్తిగా బలమూ కాదు, ఇటు పూర్తిగా దమ్మూ కాదు, రెండింటికీ మధ్యది. గుంపుగానే చేసేవాళ్లు. కానీ ఉస్తాద్ ఒక్కొక్కణ్ని చూస్తూ, నువ్వు వంద, నువ్వు యాభై అని చెప్పేవాడు. మా క్లాస్‌లో టైమర్ చెప్తుంది, అందరికీ ఒకటే.

తాలీం ఒట్టి కసరత్తు కొట్టం కాదు, సర్కారుకు అనుమానం పుట్టించే చోటు కూడా. నిజాం రాజ్యంలో అఖాడా తెరవాలంటే అనుమతి కావాల్సి వచ్చేది. 1938–39లో ఆర్యసమాజం చేసిన సత్యాగ్రహం నాటి ఫిర్యాదుల్లో అదీ ఒకటి. ఇరవై మంది కుర్రాళ్లు పొద్దున్నే ఒకచోట చేరి కండలు పెంచుతుంటే ఏ ప్రభుత్వానికైనా నిద్ర పట్టదేమో. ఆ అఖాడాల్లో కొన్ని మతాల మధ్య గోడలు లేపాయన్నదీ నిజమే, అది మరో పెద్ద కథ.

ఇక పరుగు. బలానికి మనకు పేర్లున్నాయి. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు విజయనగరంలో కుర్రాళ్లకు వ్యాయామం నేర్పి, సర్కస్ పెట్టి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకుని కలియుగ భీముడయ్యాడు. విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది. పరిగెత్తినవాళ్ల పేర్లు అడగండి, ఒక్కటీ రాదు. పరిగెత్తినవాళ్లు లేక కాదు. పదిహేడో శతాబ్దంలో గోలకొండకు వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, ఈ దేశంలో గుర్రపు రౌతు కంటే కాలినడక వార్తాహరుడే ఉత్తరాన్ని ముందు చేరుస్తాడని రాశాడు. రెండేసి కోసుల దూరంలో గుడిసెలు. వచ్చినవాడు ఉత్తరాన్ని చేతికివ్వకుండా గుడిసె ముందు విసిరేస్తాడు, చేతికివ్వడం అపశకునమట. అక్కడున్నవాడు దాన్ని ఏరుకుని పరుగందుకుంటాడు. నిజాం రాజ్యానికి 1869 నుంచి సొంత స్టాంపులుండేవి, 1950 దాకా సొంత తపాలా ఉండేది. దాన్ని మోసిన కాళ్లకు 'తప్పాల్' అన్న మాటే మిగిలింది, మనిషి పేరు మిగల్లేదు.

వీళ్లకైనా జీతం ఉంది. అదీ లేని పరుగు ఒకటుంది. వెట్టి గురించి పుచ్చలపల్లి సుందరయ్య రాసిన దాంట్లో ఒక వివరం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. దొరలు, వాళ్ల ఇంటివాళ్లు బండ్లలో ఊరెళ్తుంటే వెట్టివాళ్లు బండికి ముందూ వెనకా పరిగెత్తాలి, దారి చూపడానికి, కాపలాకి. మీద బరువులుంటే బరువులతోనే. మా వైపు బేగరి అన్నది ఇప్పటికీ ఇంటిపేరు. బేగార్ అంటే వెట్టి. ఒక తరం చేసిన చాకిరీ తర్వాతి తరాలకి ఇంటిపేరై ఆధార్ కార్డు మీదకి ఎక్కింది. నాది కూడా.

మా తాత బాగా పరిగెత్తేవాడట. నానమ్మ చెప్పింది. అది పొగడ్తా అంటే కాదు. "ఉర్కకపోతే తన్నులు పడేటియి బిడ్డా, ఇగ ఉర్కక ఏం జేస్తడు?" అంది. తాలీం గోడ బయట నిలబడి కుస్తీ చూసేవాడట, లోపలికి పోయేవాడు కాదట. పైల్వాన్‌కి పాలు కావాలి, బాదం కావాలి, నెయ్యి కావాలి. పొద్దున రెండు గంటలు ఎవరి పనికీ పిలవకుండా ఉండాలి. పాలూ తీరికా రెండూ ఉన్న ఇళ్లు ఎన్నని? అన్ని తాలీంలూ అన్ని చోట్లా ఇలాగే ఉండేవని నేననను. పేద ఇళ్ల నుంచి వచ్చిన పైల్వాన్లు దక్కనులో ఎందరో ఉన్నారు. కానీ మా ఇంటి వరకు బలం ఒకరిది, పరుగు ఇంకొకరిది. బరువూ దూరమూ రెండూ తాత ఒంటి మీద ఉన్నాయి, ఆయన దాన్ని సాధన అనలేదంతే.

ఈ రెండు రకాల ఒళ్లూ ఒకే జట్టులో కనిపించిన సందర్భం ఒకటుంది. 1919లో పూనా దక్కన్ జింఖానా పోటీల్లో ఉత్త కాళ్లతో పరిగెత్తే రైతుబిడ్డలను చూసి దోరాబ్జీ టాటా ముచ్చటపడ్డాడు. మరుసటి ఏడు ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌కి చిన్న బృందం వెళ్లింది. బెల్గాంకు చెందిన ఫడెప్ప చౌగులే, సదాశివ్ దాతార్ మారథాన్‌కి. కుమార్ నవలే, రణధీర్ షిండే కుస్తీకి. ఆ ఏటి మారథాన్ 42.75 కిలోమీటర్లు, ఒలింపిక్స్‌లో ఇంత పొడుగు మారథాన్ మరొకటి లేదు. చౌగులే 2 గంటల 50 నిమిషాల పైచిలుకులో పూర్తి చేసి 19వ వాడిగా వచ్చాడు. షిండే నాలుగో స్థానం, ఒక్క కుస్తీ తేడాలో పతకం పోయింది. మన్ను నుంచి ఇద్దరు, బాట నుంచి ఇద్దరు. అప్పటికి ఈ రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయని ఎవరూ అనలేదు.

అన్నది 1980లో. రాబర్ట్ హిక్సన్ అనే అమెరికన్. ఆయన బరువులెత్తే మనిషి. సెయింట్ లూయిస్‌లో జాన్ హొలోసీ అనే శాస్త్రవేత్త దగ్గర పని చేయడానికి వెళ్లాడు. హొలోసీకి రోజూ పరిగెత్తే అలవాటు. గురువుతో పాటు శిష్యుడూ పరిగెత్తడం మొదలుపెట్టి, కొన్నాళ్లకి తన కండ తగ్గుతోందని గమనించాడు. తర్వాత షికాగోలో సొంత ప్రయోగం పెట్టాడు. మూడు జట్లు, పది వారాలు. ఒకరికి బరువులు మాత్రమే, వారానికి ఐదు రోజులు. ఒకరికి దమ్ము సాధన మాత్రమే, ఆరు రోజులు. మూడో జట్టుకి రెండూ. ఆ మూడో జట్టువాళ్ల బలం ఆరేడు వారాల దాకా బాగానే పెరిగింది. తర్వాత ఆగింది, చివరి రెండు వారాల్లో వెనక్కి తగ్గింది. మా ట్రైనర్‌కి ఎవరో చెప్పగా ఎవరో చెప్పగా చేరింది ఇదే.

కానీ ఆ కాగితంలోనే ఇంకో సంగతుంది. రెండూ చేసినవాళ్ల దమ్ము ఏమాత్రం తగ్గలేదు. అంటే దెబ్బ పడ్డది బలానికి, పరుగుకు కాదు. పైగా వాళ్లు చేసింది మామూలు మోతాదు కాదు, దాదాపు రోజూ రెండూ. 1988లో హిక్సనే, అలవాటైన రన్నర్లకూ సైకిల్ తొక్కేవాళ్లకూ బరువులు కలిపి చూస్తే అలిసిపోయే దాకా పట్టే సమయం పెరిగింది. 1999లో ఫిన్లాండ్‌లో లీనా పావొలైనెన్ బృందం, రన్నర్ల సాధనలో మూడో వంతు దాకా తీసేసి ఆ స్థానంలో గెంతులు, చురుకైన బరువులు పెట్టింది. తొమ్మిది వారాలకి వాళ్ల 5 కిలోమీటర్ల సమయం మెరుగైంది. గుండె, ఊపిరి సామర్థ్యం పెరిగి కాదు. కాలు నేలను తాకి లేచే తీరు మారి, అదే వేగానికి తక్కువ శక్తి ఖర్చయి. మన సామెతలో నేల విడిచి సాము చేయకూడదు కదా, పరుగంతా నేలను ఎంత పొదుపుగా విడుస్తామన్నదే.

కాబట్టి నాకు అడ్డం వచ్చింది బరువు కాదు, క్లాస్ కట్టిన తీరు. నలభై ఐదు సెకన్లు చెయ్, పదిహేను ఆగు, మళ్లీ చెయ్. అందులో బరువు పెంచే వీలుండదు, కాబట్టి బలం పెద్దగా రాదు. ఆయాసం వస్తుంది, కాళ్లు పుండవుతాయి. మరునాటి పరుగు పాడవుతుంది. రెండింటి మధ్య చిక్కుకున్నది నేను. ఇప్పుడు మూడు రోజులు రెండయ్యాయి. కాళ్ల బరువులు గట్టి పరుగు రోజునే, పొద్దున పరుగు, సాయంత్రం బరువులు. మధ్యలో కనీసం ఆరు గంటలు. అట్లయితే తేలిక రోజు నిజంగా తేలికగా మిగులుతుంది. లాంగ్ రన్‌కి ముందురోజు స్క్వాట్ ముట్టను. ట్రైనర్ మంచివాడే. టైమర్ మోగినా పట్టించుకోకుండా ఐదేసి మాత్రమే ఎత్తుతానంటే మూలన ఒక రాడ్ ఇచ్చాడు. 2011లో మొదలైన హైదరాబాద్ మారథాన్‌కి ఫ్లైఓవర్లు ప్రసిద్ధి. ఆ ఎక్కుళ్ల మీద తొడలు, పిరుదులు మాట వినాలంటే ఆ మూల అవసరం.

నానమ్మకి ఇదంతా చెప్తే ఆమెకు పట్టింది ఒక్కటే. "తాలీంల ఆడోళ్లు సుత పోతరా ఇప్పుడు?" పోతారు, కానీ ఈ రెండు తలుపులూ తెరుచుకుని ఎంతో కాలం కాలేదు. 1928 ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల 800 మీటర్ల పందెం పెట్టి, చివర్లో అలసిపోయారన్న వంకతో తీసేశారు. మళ్లీ పెట్టింది 1960లో. ఆడవాళ్ల మారథాన్ 1984లో. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ అయితే 2000 దాకా లేదు. పెట్టిన మొదటిసారే, శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది.

మా ఊళ్లో ఈ రెండు సాధనలూ కలిసింది మాత్రం పతకం కోసం కాదు. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం. ఉమ్మడి రాష్ట్రంలో దానికి 5 కిలోమీటర్ల పరుగు ఉండేది. ఆ పరుగులో అభ్యర్థులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తెలంగాణ వచ్చాక 2015 నియామకాల నాటికి తీసేశారు. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో. దాంతోపాటు లాంగ్ జంప్, షాట్‌పుట్. 7.26 కిలోల గుండు ఆరు మీటర్లు, ఆడవాళ్లకి 4 కిలోలది నాలుగు మీటర్లు. భారశ్రమ, భ్రమణశ్రమ, ఒకే పొద్దున.

పోయిన దసరాకి ఊరెళ్తే, తెల్లారకముందే రోడ్డు మీద అమ్మాయిలు పరిగెత్తుతున్నారు. మా చిన్నాన్న కూతురు వాళ్లలో ఉంది. గుండు కొనడానికి డబ్బుల్లేక రాయి పట్టుకుని తూకం వేయించారట, కిరాణా కొట్టులో, నాలుగు కిలోలకి కాస్త అటూఇటూగా. చివరి రౌండ్లో కాళ్లు పట్టేస్తున్నాయి అక్కా, ఏం చేయాలి అనడిగింది. పరుగు లేని రోజు బస్కీలు చేస్తున్నావా అన్నాను. లేదు, పరిగెత్తిన వెంటనే వంద చేస్తున్నానంది. వంద కాదు, ఇరవై చెయ్, ఆ రాయి ఎత్తుకుని చెయ్, వారానికి రెండుసార్లు చాలు అన్నాను. రాయిని రెండు చేతులతో ఛాతీకి ఆనించి అక్కడే మొదలుపెట్టింది. నేను లెక్కపెట్టాను.