కార్డు మీద ఆకుపచ్చ చార

2003లో వాషింగ్టన్ డి.సి.లో ఒక ఫెడరల్ శాఖ ఆఫీసులో పనికి చేరిన రోజు రాత్రి మచిలీపట్నంలో ఉన్న నాన్నగారికి ఫోన్ చేశాను. కలెక్టరాఫీసులో గుమాస్తాగా చేరి, ముప్ఫై ఆరేళ్ళు పనిచేసి, ఆ ఏడే రిటైరైన మనిషి ఆయన. నేను కంప్యూటర్లతో ఏం చేస్తానో ఆయన ఎన్నడూ పెద్దగా పట్టించుకోలేదు. "గవర్నమెంటు ఆఫీసు" అన్న మాట వినగానే మాత్రం గొంతు మారింది.

"అయితే గవర్నమెంటు ఉద్యోగమేనన్న మాట!"

"కాదు నాన్నా. బిల్డింగు గవర్నమెంటుది, కుర్చీ గవర్నమెంటుది, చేసే పనీ గవర్నమెంటుదే. జీతం మాత్రం కంపెనీ ఇస్తుంది."

"పెన్షను?"

"లేదు."

"మరి ఎన్నాళ్ళుంటావు?"

"కాంట్రాక్టు ఉన్నన్నాళ్ళు."

ఆయన కాసేపు ఆలోచించి, "అయితే మీ తాతగారి లాగానే" అన్నారు.

మా తాతగారు దివిసీమలో ఒక చిన్న ఊరికి కరణం. అడంగల్, శిస్తు లెక్కలు, భూముల హద్దులు అన్నీ ఆయన చేతిలో ఉండేవి. ప్రభుత్వానికి ఊరి గురించి ఏం కావాలన్నా ఆయన్నే అడిగేది. అయినా ఆయన పూర్తికాలపు ప్రభుత్వోద్యోగి కాడు. ఆ రోజు నాన్నగారి మాటను హాస్యంగా తీసుకుని నవ్వేశాను. ఇరవై ఏళ్ళు ఒక పెద్ద ప్రభుత్వ కన్సల్టింగ్ సంస్థలో పనిచేసి 2023లో బయటికి వచ్చాక, దానికన్నా సరైన వర్ణన నాకు ఇంకెవరూ చెప్పలేదనిపిస్తోంది.

ఈ సభలకు వచ్చిన మనలో మేరీలాండ్, వర్జీనియాల వాళ్ళు చాలామందికి ఈ ఉద్యోగం తెలుసు. మిగిలినవారికి, ముఖ్యంగా మన పిల్లలకు, దీని పుట్టుపూర్వోత్తరాలు చెబుదామని ఈ ప్రయత్నం.

కాంట్రాక్టరు ఎలా పుట్టాడు?

మన ఊళ్ళలో కాంట్రాక్టరంటే తెల్లబట్టలు కట్టుకుని రోడ్లు వేయించేవాడు. ఇక్కడ ప్రభుత్వం తరఫున ఉత్తరం రాసేవాడు, లెక్క కట్టేవాడు, ప్రోగ్రాము రాసేవాడు కూడా కాంట్రాక్టరే.

ఒకప్పుడు అమెరికాలో ప్రభుత్వోద్యోగాలు గెలిచిన పార్టీ తన మనుషులకు పంచిపెట్టే ప్రసాదం. 1881లో తనకు పదవి ఇవ్వలేదన్న కక్షతో ఒకడు అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ను తుపాకీతో కాల్చాడు. ఆ గాయాలతోనే ఆయన మరణించాడు. దాని ఫలితంగా వచ్చిందే 1883 నాటి పెండిల్టన్ చట్టం. పరీక్ష, అర్హత, ఉద్యోగ భద్రత అన్నవి దానితో మొదలయ్యాయి.

ఎడ్విన్ బూజ్ అనే ఆయన 1914లో చికాగోలో ఒక సలహా సంస్థ పెట్టాడు. బూజ్ అలెన్ హామిల్టన్‌కు అదే నాంది. వ్యాపార సంస్థలకు సలహాలిచ్చే ఆ కంపెనీని 1940లో, యుద్ధం ముంచుకొస్తుండగా, అమెరికా నౌకాదళం తన పాలనా విభాగాలను చక్కదిద్దడానికి పిలిచింది. ఆ తలుపు మళ్ళీ మూసుకోలేదు. 1958 ప్రాంతంలో పొలారిస్ క్షిపణి కోసం నౌకాదళం, లాక్‌హీడ్, ఈ సంస్థ కలిసి తయారుచేసిన ప్రణాళికా పద్ధతి పేరు పెర్ట్. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో పరీక్ష ముందు రాత్రి పెర్ట్, సి.పి.ఎం. అంటూ గీతలు గీసి బట్టీ పట్టామే, ఆ పెర్టే! ప్రభుత్వ కన్సల్టింగ్ తొలి ఫలాల్లో ఒకటి మనం ఇండియాలోనే రుచి చూశామన్న మాట.

1955లో ఐసెన్‌హోవర్ ప్రభుత్వం ఒక విధానం ప్రకటించింది. ప్రైవేటు రంగంలో దొరికే వస్తువును గానీ సేవను గానీ ప్రభుత్వం తానుగా తయారుచేసుకోరాదన్నది దాని సారాంశం. 1966లో అదే ఏ-76 సర్క్యులర్‌గా స్థిరపడింది. మధ్యలో 1962లో, కెనడీ హయాంలో, బడ్జెట్ అధికారి డేవిడ్ బెల్ ఒక నివేదిక ఇచ్చాడు. పరిశోధన పనులు బయటివారికి ఇవ్వవచ్చు గానీ, ఆ పనిని అర్థం చేసుకుని, బేరీజు వేసి, అదుపులో పెట్టగల సామర్థ్యం ప్రభుత్వం తన దగ్గరే ఉంచుకోవాలన్నది అందులోని హెచ్చరిక. నా ఇరవై ఏళ్ళ అనుభవం ఈ ఒక్క వాక్యం చుట్టూ తిరిగింది.

1965లో ఫెడరల్ ప్రభుత్వ ఖర్చు సుమారు 11,800 కోట్ల డాలర్లు. 2019లో 4.4 లక్షల కోట్ల డాలర్లు. ధరల పెరుగుదలను తీసేసినా ఇది నాలుగు రెట్లకు పైనే. పోస్టాఫీసు వాళ్ళను మినహాయిస్తే ఫెడరల్ సివిల్ ఉద్యోగుల సంఖ్య మాత్రం అప్పుడూ ఇప్పుడూ 20 లక్షలకు అటూ ఇటూగానే ఉంది. పైగా 1994లో క్లింటన్ ప్రభుత్వం 2,72,900 ఉద్యోగాలు తగ్గించాలని చట్టం చేసింది. ఉద్యోగులు తగ్గారు, పని తగ్గలేదు. పెరిగిన పనిలో పెద్ద భాగం చేసింది మా బోటివాళ్ళం.

మనవాళ్ళు ఎలా వచ్చారు?

1965 వలస చట్టంతో వచ్చిన తెలుగువారిలో డాక్టర్లు, ఇంజనీర్లు, ప్రొఫెసర్లు ఎక్కువ. మన సంఘాలకు పునాది వేసింది వారే. ఫెడరల్ ఉద్యోగాల్లోకి పౌరసత్వం లేనివారికి ప్రవేశం దుర్లభం. 1976లో అధ్యక్షుడు ఫోర్డ్ ఉత్తర్వు ఆ నియమాన్ని గట్టిపరచింది. 1990 చట్టం హెచ్-1బి వీసాకు రూపమిచ్చింది. తర్వాత వై2కె వచ్చింది. సంవత్సరాన్ని రెండంకెలతో రాసుకున్న పాత కోబాల్ ప్రోగ్రాములు 2000 రాగానే తికమకపడతాయన్న భయం. ఏటా 65,000 ఉన్న వీసాల పరిమితిని 1,15,000కు, 2001 నుంచి మూడేళ్ళపాటు 1,95,000కు పెంచారు. అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని విమానమెక్కిన తరం అది. నేనూ 1998లో అలా వచ్చినవాణ్ణే.

కొన్ని శాఖల్లో రహస్య సమాచారంతో సంబంధం లేని పనులకు గ్రీన్‌కార్డు సరిపోయేది. ఉద్యోగిగా ముందు గుమ్మంలోంచి రానివ్వని ప్రభుత్వం కాంట్రాక్టరుగా పక్క గుమ్మంలోంచి రానిచ్చింది. 2004లో వచ్చిన అధ్యక్షుడి ఆదేశం తర్వాత అన్ని శాఖలకూ ఒకే తీరు గుర్తింపు కార్డులు వచ్చాయి. వాటిలో కాంట్రాక్టరు కార్డు మీద ఆకుపచ్చ చార ఉంటుంది. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురు చూసిన మనకు, పౌరసత్వం వచ్చాక కూడా మెడలో ఆ ఆకుపచ్చ చార మిగిలింది!

పని తీరు

పక్క పక్క కుర్చీల్లో కూర్చుంటాం. ఒకే పని చేస్తాం. కానీ నిర్ణయం తీసుకునే అధికారం, సంతకం పెట్టే అధికారం ప్రభుత్వోద్యోగిదే. 1992 నాటి బడ్జెట్ కార్యాలయ విధాన పత్రం ఈ గీత స్పష్టంగా గీసింది. ఉత్తరం నేను రాస్తాను, సంతకం ఆయన చేస్తాడు. ఆఫీసులో ఎవరికైనా వీడ్కోలు కేకు కోస్తే, ఆ అరగంట ఏ పద్దులో రాయాలో తెలియక తర్వాత వస్తామని చెప్పేవాళ్ళం. ఏ రోజు గంటలు ఆ రోజే టైమ్‌షీటులో రాయాలి. రెండు రోజులు మరిచిపోతే మేనేజరు నుంచి ఈమెయిలు. ఒప్పందం సాధారణంగా మొదటి ఏడాది, ఆపైన ప్రభుత్వం ఇష్టపడితే ఏడాదికొకసారి పొడిగింపు. ఐదేళ్ళకు మళ్ళీ టెండరు. మనం గెలిస్తే అదే కుర్చీ. వేరే కంపెనీ గెలిస్తే చాలామంది శుక్రవారం ఒక కంపెనీ కార్డు ఇచ్చేసి సోమవారం ఇంకో కంపెనీ కార్డుతో అదే కుర్చీలో కూర్చుంటారు.

నా వల్ల జరిగిన తప్పు

నేను చూసింది నెలనెలా ప్రజలకు చెల్లింపులు లెక్కగట్టే ఒక పాత కోబాల్ వ్యవస్థ. దాని లోతుపాతులన్నీ తెలిసిన ప్రభుత్వోద్యోగిని ఒక పెద్దావిడ ఆరు నెలలు పక్కన కూర్చోబెట్టుకుని నాకు నేర్పింది. 2009లో ఆవిడ రిటైరైంది. ఆ స్థానంలో ఇంకెవరినీ వేసుకోలేదు. ఆ తర్వాత నెలాఖరు సర్దుబాట్లు ఎలా చేయాలో ఆ భవనంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. డేవిడ్ బెల్ 1962లో ఏది జరగకూడదన్నాడో అది నా కుర్చీలోనే జరిగింది.

2012లో టెండరు వచ్చింది. మా మేనేజరు నన్ను పిలిచి, "ఇప్పుడే అన్నీ రాసి పెట్టకు" అన్నాడు. తప్పు చేయమనలేదు, ఆలస్యం చేయమన్నాడంతే. నాకు ఇద్దరు పిల్లలు, ఇంటి అప్పు. నేను రాయలేదు. మా కంపెనీ ఓడిపోయింది. నన్ను వేరే ప్రాజెక్టుకు మార్చారు.

మొదటి నెలాఖరుకే సర్దుబాటు తప్పింది. కొన్ని వందలమందికి డబ్బు ఆలస్యమైంది. వాళ్ళలో ముసలివాళ్ళు ఎక్కువ. కొత్త కంపెనీలో చేరిన ఒక తెలుగు కుర్రాడు ఎవరి దగ్గరో నా నంబరు సంపాదించి రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు. "అన్నా, ఈ నెలాఖరు లెక్క మీరు ఎలా చేసేవాళ్ళు? ఇక్కడ ఎవరికీ తెలియట్లేదు." కంపెనీకి తెలిస్తే ఏమంటుందోనన్న భయాన్ని పక్కన పెట్టి రెండు రాత్రులు చెప్పాను. కానీ చెల్లింపులు అందని ఆ పదమూడు రోజులను ఎవరికీ తిరిగివ్వలేను.

అప్పుడు తాతగారు గుర్తొచ్చారు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం ఆర్డినెన్సుతో కరణం, మునసబు పదవులను, తెలంగాణలో పటేల్, పట్వారీ పదవులను రద్దు చేసింది. ఊళ్ళు సంతోషించాయి. ఆ సంతోషంలో న్యాయం ఉంది. తరతరాలుగా లెక్కలు ఒకే ఇంట్లో ఉంటే ఊరు ఆ ఇంటి గుప్పిట్లో ఉంటుంది. ఆ సంక్రాంతి సెలవులకు నేను ఊళ్ళో ఉన్నాను. నాకు పదిహేనేళ్ళు. తాతగారు రోజూ రాత్రి పొద్దుపోయేదాకా ఒక నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటూ ఉండేవారు. ఏమిటని అడగలేదు.

ఫోన్‌లో నాన్నగారిని అడిగాను. "దస్త్రాల్లో లేనివన్నీరా. ఏ గట్టు దగ్గర తగవుందో, ఏ అన్నదమ్ములు కాగితం లేకుండా పంచుకున్నారో, అవి రాశారు. దస్త్రాలు తీసుకెళ్ళడానికి వచ్చిన మనిషికి ఆ పుస్తకం కూడా ఇవ్వబోయారు. 'జాబితాలో ఇది లేదండీ' అని వదిలేసి వెళ్ళాడు. మన పెట్టెలోనే ఉంది" అన్నారు.

పదవి పోతోందని తెలిసీ, ఎవరూ అడగకపోయినా, ఆయన రాశారు. నేను పదవి నిలుపుకుందామని రాయడం మానేశాను. ఆ చలికాలం నేను నలభై పేజీలు రాసి, మా పాత శాఖ అధికారికి మా కంపెనీ అనుమతితోనే పంపాను. ఆ తర్వాత పదకొండేళ్ళలో ఏ ప్రాజెక్టులోనూ మొదటి నెల నుంచే రాయడం మానలేదు. అందువల్ల నా ఉద్యోగం పోలేదు.

ఇప్పుడు

2018 డిసెంబరు నుంచి 35 రోజులు ప్రభుత్వం మూతపడ్డప్పుడు, ఉద్యోగులకు ఆగిన జీతం తప్పక ఇవ్వాలని 2019 జనవరిలో చట్టం వచ్చింది. కాంట్రాక్టర్లు అందులో లేరు. 2025 మొదట్లో పది పెద్ద కన్సల్టింగ్ సంస్థల ఒప్పందాలను సమీక్షించి, అనవసరమైనవి తీసేయమని అన్ని శాఖలకూ ఆదేశం వెళ్ళింది. అదే ఏడు అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా 43 రోజులు మళ్ళీ మూత. ఈసారి వేలాది ప్రభుత్వోద్యోగులూ ఇంటికి వెళ్ళారు. పెండిల్టన్ చట్టం నీడలో ఉన్నవారికే భద్రత లేనప్పుడు ఆకుపచ్చ చార వారి సంగతి వేరే చెప్పాలా? మన ఇళ్ళలో ఈ దెబ్బ తిన్నవారున్నారు. ఈ సభల్లో వారు కనబడితే, ఖాళీ ఎక్కడుందో తెలిసినవారు చెప్పండి. నాకు ఆ సాయం చేసినవాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు.

ఖర్చు తగ్గించవద్దని నేను అనను. కరణాల వ్యవస్థ పోవలసిందే, పోయింది. కాంట్రాక్టుల్లోనూ పోవలసినవి ఉన్నాయి. కానీ దస్త్రాలు తీసుకెళ్ళి మనిషిని ఏమీ అడగకుండా పంపేస్తే, నెలాఖరుకు ఎవరో ఒక ముసలాయనకు డబ్బు అందదు.

నాన్నగారు పోయాక, పోయినసారి మచిలీపట్నం వెళ్ళినప్పుడు పెట్టె తెరిచాను. నోటుపుస్తకం ఉంది. అట్ట ఊడిపోయింది, సిరా వెలిసింది, అక్షరాలు మాత్రం చదవగలిగేలా ఉన్నాయి. మొదటి పేజీలో ఊరి పేరు, తేదీ ఉన్నాయి. తాతగారి పేరు ఎక్కడా లేదు.