బళ్ళారి సీమలో ఒక రాతి మిద్దె

"పరాయి రాష్ట్రంలో పాత రాళ్ళ ఇల్లు కొన్నావటగదా, నీకేమైనా మతి పోయిందా?" అని మా పెదనాన్నగారు టెలిఫోనులో అడిగారు. వారిని తప్పు పట్టలేము. మాది గోదావరి ఒడ్డు, పెంకుటిళ్ళ దేశం. రైల్వేలో గుమాస్తా ఉద్యోగం మమ్ము బళ్ళారికి తెచ్చింది. రెండేళ్ళ క్రితం రూపనగుడి వైపు ఒక పల్లెలో పాత మట్టి మిద్దె కొన్నాము. ఆ సంగతి ఉగాది సంచికకు వ్రాయమని మన సంఘం కార్యదర్శిగారు పట్టుబట్టారు. ఇల్లు చిన్నదే గాని దాని కాగితాలు చదివితే ఈ సీమ చరిత్ర చాలావరకు తెలుస్తుంది. అందుచేత ఒప్పుకున్నాము.

మన కోస్తావారిలో చాలామంది ఇటువంటి మిద్దెను లోపలికి వెళ్ళి చూసి వుండరు. రెండడుగులకు పైబడిన మందాన రాతి గోడలు. సున్నం లేదు, అంతా మట్టి అడుసుతో కట్టినవే. లోపల కొయ్య స్తంభాలు, వాటిపై దూలాలు, దూలాలమీద దంతెలు, ఆపైన సన్నకట్టెలు, ఆకు, మన్ను. అన్నిటికీ పైన చౌడు. చౌడంటే ఉప్పు కలిసిన మన్ను. తడిస్తే జిగురెక్కి సందులు మూసుకుంటుంది. ఏడాదికి సుమారు ఇరవై అంగుళాల వాన పడే ఈ గడ్డమీద ఆ కప్పు చాలు. మన గోదావరి జిల్లాలలో అయితే ఒక్క శ్రావణమాసానికే జారిపోతుంది. గోడలకు కిటికీలు దాదాపు లేవు. నడిమిద్దెలో కప్పుకు గవాచి అనే కంత వుంటుంది. మధ్యాహ్నం దానిలోనుండి ఎండ నేలమీద పళ్ళెమంత పడుతుంది. వీధివాకిలి దాటగానే పశువులను కట్టే పల్లపు చోటు, దాని వెనుక మెట్టుమీద మనుషుల నివాసం. పశువులను ఇంటిలోపలే కట్టుకోవడం పాళెగాండ్ర కాలపు భయం వల్లనే కాబోలునని మా ఊహ.

ఒక మూల బండ ఎత్తి చూపారు, క్రింద పాతర. జొన్నలు పోసి మూసే గొయ్యి. 1876–78 నాటి ధాత కరువు ఈ జిల్లాను ఎంత పీడించిందో పుస్తకాలలో చదివాము గాని, ఖాళీ పాతరలోకి తొంగి చూసినప్పుడు మాత్రమే అది మనసుకు తగిలింది.

ఈ సీమ గోడల రాళ్ళు కొట్టినవారిలో వడ్డెరలు ముఖ్యులు. వారు కర్ణాటకంలో ఎంత దూరం పోయినా ఇళ్ళలో తెలుగే మాట్లాడుకుంటారు. తెలుగువారు ఇక్కడికి నిన్న మొన్న వచ్చినవారే అనుకునేవారు ఈ మాట గమనించాలి. తుంగభద్ర ఆనకట్ట పూర్తయిన తర్వాత కాలువల క్రింద భూములు కొని సిరుగుప్ప, గంగావతి, సింధనూరు ప్రాంతాలలో క్యాంపులు వేసుకున్న గుంటూరు, కృష్ణా, గోదావరి రైతులు ఒక తరహా. మావంటి ఉద్యోగస్థులు మరొక తరహా. వీరికంటే ముందే, ఏ వలసా లేకుండా, తాతముత్తాతలనాటినుండి వున్న తెలుగువారు వేరు. ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు, కోలాచలం శ్రీనివాసరావుగారు, బళ్ళారి రాఘవగారు తెలుగు నాటకాన్ని పెంచింది ఈ వూరిలోనే గదా.

1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కుంపిణీకి ఇచ్చివేశాడు. మొదటి కలెక్టరు థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేశాడు. అప్పటినుండి దత్తమండలమని పిలిచారు. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అనే పేరు వచ్చింది. ఈలోగా 1882లోనే అనంతపురం వేరే జిల్లా అయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడుతున్నప్పుడు బళ్ళారి జిల్లాను పంచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, తక్కినవి మైసూరుకు పోయాయి. బళ్ళారి తాలూకా మీద తగవు తెగక జస్టిస్ మిశ్రాగారు ప్రత్యేకంగా విచారణ జరిపారు. అదీ మైసూరుకే చెందింది. 1973లో మైసూరు కర్ణాటకమైంది. 2021లో హోసపేట, హంపి ప్రాంతాలు విజయనగర జిల్లాగా విడిపోయాయి. ఇన్నిమార్లు గీతలు మారినా మా మిద్దె వున్నచోటనే వున్నది.

ఇక కాగితాల సంగతి. 1938 నాటి మూల దస్తావేజు మద్రాసు రాజధాని స్టాంపు కాగితంమీద, తెలుగులో. 1961 నాటి భాగపత్రం మైసూరు కాలానిది, కన్నడంలో. పంచాయతీవారి ఖాతాలో వున్నవి అడుగుల కొలతలు మాత్రమే. అమ్మేవారు అన్నదమ్ములు ముగ్గురు. ఇంటిలో చక్కని తెలుగు మాట్లాడతారు, కాని చదువు కన్నడంలో సాగినందున తాతగారి దస్తావేజు చదవలేరు. మా వకీలుగారూ చదవలేరు. చదవగలిగినవారము మేమొక్కరమే. బ్యాంకువారు మట్టిమిద్దెకు అప్పు ఇవ్వమన్నారు గనుక మా ఇంటావిడ గాజులు అమ్మి బయానా ఇచ్చి వున్నాము.

దొడ్డి అంతా మాదే, గోడ పెట్టుకోవచ్చునని అన్నదమ్ములు చెప్పారు. దస్తావేజులో అలా లేదు. ఉత్తరపు ఇంటివారికి దొడ్డిలోనుండి బండిబాట శాశ్వతంగా వదలినట్లు తాతగారు స్పష్టంగా వ్రాయించారు. ఆ ఇంటివారు కన్నడంవారు. వారివద్ద ఏ కాగితమూ లేదు. మేము నోరు మూసుకుంటే బాట సంగతి ఎవరికీ తెలియదు, దొడ్డి మూడోవంతు పెరుగుతుంది. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నోరు మూసుకోవాలనే అనుకున్నాము. గాజులు పోయిన చేతులు చూస్తుంటే ధర్మం పలచబడుతుంది సుమా.

మరునాడు అరుగుమీద అందరూ కూర్చున్నారు. అన్నదమ్ముల తల్లి, ఎనభై దాటిన అవ్వ, "మా మామ ఏం రాయించినాడో సదువు నాయనా, ఇంతవరకు ఇననే లేదు" అన్నది. ఆ ముసలి కళ్ళ ఎదుట దాటవేసి చదవడానికి నోరు రాలేదు. హద్దులు, అంకణాలు, బాట, అంతా చదివాము. పెద్దవాడికి కోపం వచ్చింది. ధర తగ్గించడానికే ఇదంతా అన్నాడు. అవ్వ మాత్రం, "మామ ఇచ్చిన బాట, అట్లే ఉండనీ" అన్నది. ధర తగ్గలేదు, మేము అడగనూ లేదు. కొత్త దస్తావేజులో బాటను కన్నడంలో వ్రాయించి రిజిస్టరు చేయించాము.

ఇటలీదేశంలో సంబూకా అనే వూరివారు 2019లో పాడుబడ్డ రాతి ఇళ్ళను ఒక్క యూరోకు వేలం మొదలుపెట్టి అమ్మారు. మూడేళ్ళలో బాగుచేయాలని షరతు. చవక ఇల్లు కొనడంలో లేదని అక్కడా తెలిసే వుంటుంది. మాకు దూలాలు రెండు మార్చడానికే ఏడాది జీతంలో సగం పోయింది. వేసవిలో చౌడు ఉత్తరపు ఇంటివారి బండిమీద వచ్చింది, ఆ బాటలోనుండే. తట్టలు మోయడానికి వారి పిల్లలూ వచ్చారు.

మన సభ్యుల ఇళ్ళలో 1953కు ముందరి తెలుగు దస్తావేజులు పెట్టెలలో వుండవచ్చు. చదివేవారు కరువైతే పట్టుకురండి. డ్యూటీ లేని ఆదివారాలలో ఉదయం మేము ఇంటివద్దనే వుంటాము. గవాచి క్రింద వెలుతురు పదకొండు గంటల తర్వాత బాగుంటుంది.